వేటధర్మము - ఉమ్మడిభూమి

హైదరాబాదు నగరమునకు పడమట నున్న మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రాంగూడ గ్రామములను నేడు లోకము హైటెక్ సిటీ యనియు, సైబరాబా దనియు వ్యవహరించుచున్నది. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. అంతకు పూర్వ మీ సీమ గుండ్రాళ్ల గుట్టలు, ముండ్లపొదలు, చెఱువులు, పశువులు మేయు బీళ్లు గలదై యుండెను. రెవెన్యూ లెక్కలలో నిలిచిన రాయదుర్గము పాయిగా, రాయదుర్గము నవ్‌ఖాల్సా, కంచ గచ్చిబౌలి యను పేర్లు ఆ నేల యెవరిదన్న ప్రశ్నకు పాత సమాధానములు. పాయిగా యనగా ఆ పేరుగల సర్దారుల జాగీరు. ఖాల్సా యనగా సర్కారునేల. కంచ యనగా పశువుల మేతకు విడిచిన బీడు. కంచెకును కంచకును గల చుట్టరికము స్పష్టమే. అందరికిని విడిచిన నేలయు, ఇతరులు రాకుండ కట్టిన నేలయు ఒక్కమాటలోనే యిమిడియుండుట గమనింపదగినది.

ఇట్టి నేలలో పశువులతో పాటు జింకలు, అడవిపందులు, కుందేళ్లు, కౌజులు తిరుగును. అవి తిరుగుచోటికి వేటకాండ్రును వత్తురు. ఒక్క వేటకాడు వచ్చినచో చిక్కులేదు. పలువురు వచ్చినచో ముందు నిలుచున్నవాని కెంత దూరమున రెండవవాడు నిలువవలయును? ఒకడు కొట్టగా మఱియొకడు కూల్చిన జింక యెవరిది? పరుల పొలిమేరలో పడిన పందిని తెచ్చుకొనవచ్చునా? ఈ ప్రశ్నలకు మన పూర్వులు కల్పించుకొన్న మర్యాదలను, అవి నశించిన క్రమమును ఇందు పరిశీలింపదలచితిమి.

మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున, పొలము దానిని చదునుచేసినవానిది, మృగము దానిని ముందుగా బాణముతో కొట్టినవాని దను సూత్రము కలదు. అప్పటికే గాయపడిన మృగముపై రెండవవాడు వేసిన బాణము వ్యర్థ మనియు అచ్చటనే చెప్పబడినది. ఈ మాటలు వేటను గూర్చిన ప్రకరణములోనివి కావు. సంతాన మెవరికి చెందునను వివాదమున దృష్టాంతములుగా వచ్చినవి. శాస్త్రకారుడు తెలియని విషయమును తెలిసినదానితో పోల్చి చెప్పును. కావున తొలిబాణపు న్యాయము స్మృతికారుడు కల్పించినది కాదనియు, అడవులలో వాడుకగా నున్నదానినే యాతడు గ్రహించెననియు మేము తలంచుచున్నాము.

ఈ న్యాయమునకు పరీక్ష కిరాతార్జునీయకథలో కానవచ్చును. భారతారణ్యపర్వములోని యీ కథను నన్నయ తెనిగించెను. శ్రీనాథుడు హరవిలాసమున విస్తరించెను. పందిరూపమున వచ్చిన మూకాసురునిపై అర్జునుడును, కిరాతవేషమున నున్న శివుడును ఒక్కసారిగా బాణములు వేసిరి. వ్యాసభారతమున అర్జునుడు కిరాతునిపై మోపిన నేరము, నీవు చేసినది వేటధర్మము కాదనుట. కిరాతుని ప్రత్యుత్తరమును అట్టిదే. ముందుగా గుఱిచూచినవాడను నేనే, నా దెబ్బకే యిది చచ్చినదని యాతడనెను. ఇద్దఱును ఒక్క సూత్రమునే నమ్మిరి. వివాదము సూత్రమును గూర్చినది కాదు, జరిగినదానిని గూర్చినది. ఇద్దఱినెఱిగిన మూడవవాడు అచ్చట లేడు. కావున మాట విడిచి వింటికి పనిచెప్పవలసి వచ్చినది. మర్యాద నిలుచుటకు సూత్రము చాలదు. పరస్పరపరిచయము గల జనమును, తగవు తీర్చు పెద్దయు నుండవలయును. ఈ కథ మనకు తెలుపున దిదియే.

ఇతిహాసములలో మఱి మూడు వేటకథ లున్నవి. దశరథుడు సరయూతీరమున చీకటిలో నీటికుండ చప్పుడు విని, ఏనుగని భ్రమించి శబ్దవేధి బాణము వేసెను. కన్నులార చూడనిదానిని కొట్టరాదను నియమ మచ్చట తప్పినది. పాండురాజు సంగమించుచున్న మృగములను కొట్టి కిందమముని శాపమునకు గురియయ్యెను. కూడనివేళ కొట్టరాదను నియమ మందు తప్పినది. పరీక్షిత్తు తాను గాయపఱచిన జింకను వెదకుచు పోవుట ధర్మమే. గాయపడినదానిని విడిచిపోవుట వేటకానికి తగదు. కాని మౌనవ్రతమున నున్న శమీకుడు పలుకలేదని చచ్చిన పామును మెడలో వేయుట దోషము. నీ మృగము పోయినచోటెల్ల నీ యధికారము పోదని ఆ కథ చెప్పుచున్నది. ఈ మూడింట తప్పినవారు రాజులే. గుంపు నెడబాసి, ఆయుధబలము తప్ప మఱియొక యడ్డులేని స్థితిలోనే వారు తప్పిరి.

కథలనుండి యాచారములకు వత్తము. మన్యపు జాతులలో వేట గుంపుపని. విశాఖ మన్యమున చైత్రమాసములో జరుగు ఇటుకల పండుగకు మగవారందఱు కలిసి యడవికి పోవుదురు. ఆడువారు త్రోవల కడ్డముకట్టి బాటసారుల నుండి పండుగ కానుకలు వసూలు చేయుదురు. వట్టిచేతులతో మరలివచ్చిన మగవారికి ఊరిలో ఎగతాళి తప్పదు. ఇచట గుంపును అదుపుచేయునవి మూడు. తిథి నియతము, పని విభక్తము, దొరికినది ఊరి యుమ్మడి. నల్లమలలోని చెంచులు పెంటలుగా నివసింతురు. 1943లో ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ ప్రకటించిన గ్రంథమును బట్టి, ప్రతి పెంటవారికిని వాడుకగా తిరుగు సీమ యున్నది, బాంధవ్యము చేత ఒక సీమవారికి మఱియొక సీమలో చొరవ కలుగును. అనగా హద్దు కలదు గాని గోడ లేదు. చుట్టరికమే ద్వారము.

అహోబిలమున సంక్రాంతి వెళ్లినంతట ప్రారంభమగు పారువేట యుత్సవము ఈ భావమునే దేవునియందు నిలిపినది. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడినవాడు, చెంచుల కల్లుడు. కావున స్వామి పల్లకిలో ఊరూర తిరిగి తన కల్యాణమునకు పిలుపులిచ్చునని సంప్రదాయము. పరుల సీమలో అడుగిడునపుడు దేవుడైనను చుట్టముగానే రావలయునని దీని తాత్పర్యముగా మేము గ్రహించుచున్నాము.

ఇంతవఱకు చెప్పిన మర్యాదలను చూచి, పూర్వులు మృగములను కాపాడుటకై వీనిని నెలకొల్పిరని కొందఱు వ్రాయుదురు. ఆ యభిప్రాయముతో మేమేకీభవింపజాలము. తొలిబాణపు న్యాయము, పాళ్లు పంచుట, పొలిమేర పాటించుట - ఇవన్నియు వేటకాండ్రను ఒకరినుండి యొకరిని కాపాడినవి. మృగమును కాపాడినవి విల్లుయొక్క కొఱత, కాలినడక, రాత్రిచీకటి. కిందమముని కథవంటి ఋతునియమ మొక్కటే మృగముయొక్క పక్షమున నిలిచినది. ఈ భేదమును మఱచినచో తరువాతి చరిత్ర బోధపడదు.

మృగమును కాపాడుటకు పుట్టినది రాజుగారి కంచె. కౌటిల్యుని యర్థశాస్త్రమున రాజు విహారమునకై అగడ్త త్రవ్వి, ఒకటే ద్వారముంచిన మృగవనము చెప్పబడినది. అభయమిచ్చిన వనములలోని మృగములను చంపినవారికి ఉత్తమదండనము విధింపబడినది. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసమును మృగయను రాజవినోదములలో చేర్చి విస్తరించినది. కర్నూలు మండలములోని ఎఱ్ఱగుడి శిలలపై చెక్కించిన యశోకుని శాసనములలో, పూర్వరాజులు వేటతో కూడిన విహారయాత్రలు చేసిరనియు తాను వానిని మాని ధర్మయాత్రలు చేయుచుంటిననియు గలదు. రాజు వేటాడినను, మానినను, అడవిలో నేమి జరుగవలయునో నిర్ణయించువాడు రాజే యయ్యెను. ఇంగ్లండునను ఇట్లే జరిగెను. మొదటి విలియము 1079 ప్రాంతమున న్యూఫారెస్టును రాజవేటకు ప్రత్యేకించెను. 1217 నాటి యరణ్యశాసనము రాజారణ్యములలో సామాన్యులకు పశువుల మేత మొదలగు హక్కులను కొంత మరల నిచ్చెను.

హైదరాబాదు చుట్టునున్న సీమకు అట్టి యరణ్యశాసనము లభింపలేదు. నగరమును చుట్టియున్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా చాలవఱకు సర్ఫ్-ఎ-ఖాస్, అనగా నిజాముగారి స్వంతనేల. మిగిలినదానిలో పాయిగాలును జాగీరులును పెక్కు. నేటి మహావీర్ హరిణ వనస్థలి, మెదకు సీమలోని పోచారము అడవి నాడు నిజాముల వేటపట్టులు. 1869 నుండి 1911 వఱకు పాలించిన ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పులివేటకు ప్రసిద్ధి కెక్కినవాడు. 1902 ఏప్రిలులో వైస్రాయి కర్జను వరంగల్లు సీమలోని నెక్కొండయొద్ద వేటాడినప్పటి ఛాయాచిత్రములు నేటికిని నిలిచియున్నవి.

ఈ దర్బారు వేటలలోను మర్యాద కలదు. కాని యది వేఱుజాతికి చెందినది. మంచె యెవరిది, మొదటి తుపాకి యెవరిది యనునది హోదాను బట్టి తేలును, మృగమును ముందు చూచినదానిని బట్టి కాదు. డప్పులు మ్రోగించి, కేకలువేసి పొదలనుండి మృగమును తోలువారు చుట్టుప్రక్కల పల్లెవారే. ఉమ్మడివేటలో పాలు పొందవలసినవాడు ఇందు కూలికి తోలువాడయ్యెను. బ్రిటిషు ఇండియా యడవులలో ఇదే కాలమున శికారుబ్లాకుల పద్ధతి యుండెను. ఒక బ్లాకునందు గడువు తీరువఱకు ఒక్క జట్టునకే యనుమతి. గుంపు చిక్కును తీర్చుటకు ఇది చక్కని యుపాయమే. అయితే చుట్టరికమునకు మాఱుగా చీటి వచ్చినది. పల్లెపెద్ద స్థానమున అటవీశాఖ యధికారి నిలిచెను.

1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము పడిపోయెను. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో కలిసెను, జాగీరులు రద్దయ్యెను. రాజుగారి కంచె తొలగెను. కాని దానికి పూర్వమున్న పల్లెమర్యాద మరలి రాలేదు. ఎవరు ఎవరికి చుట్టములో తెలియని జనము, జీపులెక్కి, వెలుతురుదీపములు పట్టి, తుపాకులతో బీళ్లపై పడుట దేశమంతట సాధారణమయ్యెను. మునుపు మృగమును కాపాడిన కాలినడకయు చీకటియు రెండును తొలగినవి. దీని ఫలమెట్టిదో చీతా కథ చెప్పును. 1947లో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానమున రాత్రివేళ మోటారుబండిలో పోవుచు ఒక్కసారిగా మూడు చీతాలను కాల్చిరి. మన దేశమున కానవచ్చిన కడపటి చీతాలు అవియేనని ప్రసిద్ధి. 1952లో ఆ జాతి దేశమున నశించినట్లు ప్రకటింపబడెను. అచ్చట వేటకాండ్ర నడుమ తగవేమియు కలుగలేదు. ఒక తుపాకికి మఱియొక తుపాకి అడ్డురాలేదు గదా! వేటకాండ్ర నడుమ న్యాయము నిలిచియుండగనే మృగము నశింపవచ్చుననుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

1952లో పోచారము, పాకాల యడవులు అభయారణ్యములయ్యెను. 1972లో వన్యప్రాణి సంరక్షణచట్టము వచ్చెను. అందు మిగిలియున్న వేటలైసెన్సుల పద్ధతియు 1991 నాటి సవరణతో తొలగెను. వనస్థలిపురపు హరిణవనము, చిలుకూరు మృగవని, బంజారాకొండల చెంతనున్న కాసు బ్రహ్మానందరెడ్డి వనము 1990లలో జాతీయోద్యానములైనవి. ఇట్లు వేటకాండ్ర తగవు వేటతోడనే ముగిసెను. ఆ చట్టము రాకున్నచో జింకకు దిక్కులేదని మేము నమ్ముచున్నాము. కాని పొదను, అడుగుజాడను, గాలివాలును, పొరుగువాని పాలును ఎఱిగిన బోయల, చెంచుల విద్యకు ఆ చట్టములో చోటు లేకపోయినదనియు చెప్పవలసియున్నది.

ఇక కంచ గచ్చిబౌలి. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఈ సీమలో సుమారు 2,300 ఎకరములు కేటాయింపబడెను. దానిని చేరియున్న 400 ఎకరములను గూర్చి ఏండ్ల తరబడి వ్యాజ్యములు నడచెను. 2025 మార్చి కడపట యంత్రములు అచ్చటి చెట్లను కూల్చుటకు దిగినపుడు విద్యార్థులు అడ్డుపడిరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు ఆ పనిని నిలిపివేసెను. చుక్కలజింకలు, నెమళ్లు, నక్షత్రతాబేళ్లు తిరుగు ఆ పొదలలో నాడు వేటకాడెవ్వడును లేడు. అయినను వినవచ్చిన ప్రశ్నలు పాతవే. ముందు వచ్చిన దెవరు? ఎవరి పాలెంత? హద్దెచ్చట? తగవు తీర్చు పెద్ద యెవరు? కిరాతార్జునుల వలెనే ఇరుపక్షములును ముందు హక్కు తమదే యనిరి. భేద మొక్కటే, ఈ మారు మూడవవాడు న్యాయస్థానరూపమున నుండెను.

మియాపురమునకు చెంతనున్న అమీనుపురము చెఱువు 2016లో జీవవైవిధ్య వారసత్వస్థలముగా ప్రకటింపబడినది. ఇట్టి చెఱువుగట్లపై నేడు కెమెరాలు పట్టిన జనము చేరుదురు. కొంగకు ఎంత దూరమున నిలువవలయును, ముందు వచ్చినవాని యెదుటికి పోవచ్చునా, గూటిపై నున్న పక్షిని చిత్రింపవచ్చునా యను ప్రశ్నలు వారికిని కలవు. దశరథుడును పాండురాజును తప్పిన నియమములే యివి. ఆయుధము మాఱినది, గుంపు మాఱలేదు.

కౌటిల్యుడు రాజు మృగవనమును చెప్పిన వెంటనే మఱియొక వనమును చెప్పెను. దేశపు టంచున, నేలకు తగినట్లు ఏర్పఱచిన ఆ వనమున మృగములన్నియు అతిథులే. గుంపు మర్యాదలన్నియు ముందు వచ్చినవానిదే హక్కని తలంచును. అతిథిమర్యాదయో, తరువాత వచ్చినవానికిని, తనకై వాదింపలేనివానికిని చోటిచ్చును. వేటకాండ్ర ధర్మమున లేనిది, రాజుగారి కంచెలోను నిండుగా లేనిది ఈ భావమే. ఉమ్మడినేలపై రాబోవు తగవులకు ఇదియే ఆధారము కాదగునని మా యభిప్రాయము.

భాషాపరిశోధకుల కిచ్చట పని మిగిలియున్నది. కంచ, బీడు, బంచరాయి, గైరాను, దీమము, ఉరి, పొంచు, పాలు మొదలగు మాటలలో ఈ ధర్మపు చరిత్ర దాగియున్నది. వానిని పలికి, వాని తగవులు తీర్చిన ముదుసళ్లు పల్లెలలో నానాటికి తగ్గుచున్నారు. వేట పోవుట మేలే. ఆ మాటలు వ్రాతకెక్కక పోవుట మాత్రము మన తప్పగును.