ఒక్క స్టిక్‌తో 18 హోల్స్: గోల్ఫ్‌లో బ్యాగ్ లేనోళ్ల హిస్టరీ

జల్‌పల్లి నుంచి మళ్లీ వచ్చేశా. ఎయిర్‌పోర్ట్ దగ్గరే కదా, మధ్యలో ఫ్లైట్ సౌండ్ వస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి. ఎడిటింగ్‌లో తీసేద్దామని చాలాసార్లు ట్రై చేశా, నా వల్ల కాలేదు.

ఈరోజు టాపిక్ గోల్ఫ్. ఆగండి, స్కిప్ కొట్టకండి. "మనకెందుకు అన్నా డబ్బున్నోళ్ల ఆట" అనుకుంటున్నారు కదా? నేనూ అదే అనుకునేవాణ్ని. సరిగ్గా ఆ మాట గురించే ఈ ఎపిసోడ్.

ఫస్ట్ ఒక చిన్న విషయం. గోల్ఫ్‌లో బంతిని కొట్టే కర్రని క్లబ్ అంటారు. ఆడే గ్రౌండ్ ఉన్న సంస్థని కూడా క్లబ్ అనే అంటారు. కన్‌ఫ్యూజ్ అవ్వకుండా ఈరోజు కర్రని స్టిక్ అనే అందాం, మన హైదరాబాద్‌లో ఎట్లాగూ అట్లనే అంటాం. టీవీలో చూసే ప్లేయర్ బ్యాగ్‌లో 14 స్టిక్‌లు ఉంటాయి. దూరం కొట్టడానికి డ్రైవర్, మధ్య దూరాలకి నంబర్లున్న ఐరన్‌లు, ఇసుకలోంచి లేపడానికి వెడ్జ్, చివర్లో గుంతలోకి దొర్లించడానికి పట్టర్. రూల్ ఏందంటే 14 కంటే ఎక్కువ ఉండకూడదు. కానీ కనీసం ఇన్ని ఉండాలి అని ఎక్కడా లేదు. ఒక్కటి పట్టుకుని పోయి 18 హోల్స్ ఆడినా ఎవరూ ఆపలేరు.

కోచ్‌లు దీన్ని ప్రాక్టీస్‌గా కూడా చేయిస్తారు. ఒక 7-ఐరన్ చేతికిచ్చి, రౌండ్ మొత్తం దీంతోనే ఆడు అంటారు. యూట్యూబ్‌లో దీన్ని చాలెంజ్ అని పెడతారు, ఏదో కొత్తగా కనిపెట్టినట్టు. కానీ హిస్టరీలోకి పోతే ఇది చాలెంజ్ కాదు. చాలామందికి వేరే దారి లేక వచ్చిన ఆట ఇది.

కొంచెం వెనక్కి పోదాం. 1457లో స్కాట్లాండ్ పార్లమెంట్ గోల్ఫ్‌ని బ్యాన్ చేసింది. కారణం, జనాలు విలువిద్య ప్రాక్టీస్ మానేసి దీని మీద పడ్డారని. ఇంగ్లండ్‌తో యుద్ధాలు జరిగే రోజులు, బాణం వేసేవాడు కావాలి గానీ బంతి కొట్టేవాడు ఎందుకు? మరి 1502లో అదే స్కాట్లాండ్ రాజు నాలుగో జేమ్స్ పెర్త్ ఊళ్లో విల్లులు చేసే అతని దగ్గర గోల్ఫ్ స్టిక్‌లు కొన్నట్టు ఖజానా లెక్కల్లో ఉంది. బ్యాన్ చేసినోళ్ల వారసుడే కస్టమర్ అన్నమాట.

చాలా కాలం ఈ స్టిక్‌లన్నీ చేత్తో చేసిన చెక్కవే. మోసేవాడు, అంటే క్యాడీ, వాటిని చంకలో పెట్టుకుని నడిచేవాడు. బ్యాగ్ అనేది 19వ శతాబ్దం చివర్లో గానీ రాలేదు. చంకలో ఎన్ని పడతాయి చెప్పండి? ఆరో ఏడో. అప్పుడు నంబర్లు కూడా లేవు, పేర్లుండేవి: మాషీ, నిబ్లిక్, క్లీక్, స్పూన్. స్టిక్‌లు తక్కువ, కొట్టాల్సిన దూరాలు ఎక్కువ. కాబట్టి ఒకే స్టిక్‌ని నాలుగు రకాలుగా వాడటం అందరికీ రావాల్సిందే. 1916లో చిక్ ఎవాన్స్ అనే అమెచ్యూర్ ఏడే ఏడు స్టిక్‌లతో యూఎస్ ఓపెన్ గెలిచాడు.

తర్వాత స్టీల్ వచ్చింది. అమెరికాలో 1924లో, బ్రిటన్ వైపు 1929లో స్టీల్ కాడలకి పర్మిషన్ ఇచ్చారు. ఇక ఫ్యాక్టరీలు ఆగలేదు. ఒక్కో దూరానికి ఒక్కో స్టిక్, సెట్లు సెట్లుగా అమ్మకం. 1934, 35లో వరసగా రెండేళ్లు అమెరికా, బ్రిటన్ అమెచ్యూర్ టైటిల్స్ రెండూ గెలిచిన లాసన్ లిటిల్ బ్యాగ్‌లో ముప్పై దాకా స్టిక్‌లుండేవి. మోసే క్యాడీ నడుము సంగతి ఎవరు అడిగారో మరి! చివరికి అమెరికా సంఘం 1938 నుంచి, బ్రిటన్ సంఘం 1939 నుంచి 14 అని గీత గీశాయి. నైపుణ్యంతో కొట్టాల్సిన షాట్‌ని డబ్బు పెట్టి కొనేసుకుంటున్నారు అనేది అప్పటి పెద్ద కంప్లైంట్. నా సాఫ్ట్‌వేర్ బుర్రకి ఇది బాగా అర్థమైంది. ప్రతి చిన్న పనికీ ఒక కొత్త లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసుకుంటూ పోతే, కొన్నాళ్లకి మనకి లూప్ రాయడం కూడా రాదు.

ఈ 14 గీతకి బలైనవాడి కథ ఒకటి చెప్పాలి, మస్తు ఉంటది. 2001 బ్రిటిష్ ఓపెన్, రాయల్ లైథమ్ కోర్స్, ఆఖరి రోజు. ఇయాన్ వూస్‌నమ్ ఫస్ట్ ప్లేస్‌లో కలిసి ఉన్నాడు. మొదటి హోల్‌లో బంతి ఒక్క దెబ్బకే గుంతలో పడబోయి పక్కన ఆగింది, బర్డీ. రెండో హోల్ దగ్గర క్యాడీ వచ్చి మెల్లగా చెప్పాడు: బ్యాగ్‌లో రెండు డ్రైవర్లు ఉన్నాయి, మొత్తం 15. రెండు స్ట్రోకుల పెనాల్టీ. వూస్‌నమ్ ఎక్స్‌ట్రా డ్రైవర్ తీసి పొదల వైపు విసిరేశాడు. చివరికి మూడో స్థానంలో టై అయ్యాడు. ఒక స్టిక్ ఎక్కువైనందుకు.

ఇప్పుడు అదే రాయల్ లైథమ్‌లో 22 ఏళ్ల ముందు గెలిచినవాడి దగ్గరికి పోదాం. అతను ఒక స్టిక్‌తో పెరిగినవాడు. నా దృష్టిలో ఈ ఎపిసోడ్ హీరో ఇతనే.

సెవే బయెస్టెరోస్. 1957లో స్పెయిన్ ఉత్తర తీరంలో పెడ్రేన్యా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఊళ్లో ఒక పెద్ద గోల్ఫ్ క్లబ్ ఉంది, ఇతని ఇల్లు దాని పక్కనే. ఇంట్లో వ్యవసాయం, ఆవులు. మేనమామ రామోన్ సోతా మంచి ప్రొఫెషనల్ ప్లేయర్, అన్నలు కూడా ఆ దారిలోనే. కానీ క్యాడీ పిల్లలు కోర్స్‌లోకి వచ్చి ఆడటానికి లేదు. బ్యాగ్ మోయొచ్చు, ఆడొద్దు. చిన్నప్పుడు ఇతని దగ్గర ఉన్నది ఒక పాత 3-ఐరన్ తల మాత్రమే. దానికి కర్ర బిగించుకుని, బంతుల్లేక గులకరాళ్లు కొట్టేవాడు. ఎనిమిదేళ్లప్పుడు అన్న మానుయెల్ సరైన 3-ఐరన్ ఒకటి ఇచ్చాడు. దాన్ని పట్టుకుని బీచ్‌కి పోయేవాడు. వెన్నెల రాత్రుల్లో దొంగచాటుగా కోర్స్‌లోకి దూరేవాడు.

ఇక్కడ ఒక టెక్నికల్ పాయింట్ తెలియాలి, లేకపోతే ఈ కథ బరువు తెలీదు. స్టిక్ తల వెనక్కి ఎంత వాలి ఉంటుందో దాన్ని లాఫ్ట్ అంటారు. లాఫ్ట్ ఎక్కువుంటే బంతి పైకి లేచి దగ్గర్లో మెత్తగా పడుతుంది. ఇసుకలో వాడే వెడ్జ్‌కి 56 డిగ్రీల దాకా ఉంటుంది. 3-ఐరన్‌కి సుమారు 20. అంటే అది బంతిని కిందగా, దూరంగా తోసే స్టిక్. దాంతో ఇసుకలోంచి బంతిని లేపడం అంటే పలుగుతో అన్నం వడ్డించినట్టు. కానీ సెవేకి వేరేది లేదు. అందుకే తలని బాగా తెరిచి ఆకాశం వైపు తిప్పి పెట్టడం, మోకాళ్లు వంచి చేతులు కిందికి దించడం, బంతికి కొంచెం వెనకాల ఇసుకని కొట్టడం, ఇవన్నీ తనంతట తానే కనిపెట్టుకున్నాడు. పైగా బీచ్ అంతా ఇసుకే కదా!

ఏ ఐరన్‌తో అయినా ఇదే లాజిక్. తక్కువ ఎత్తులో పోవాలంటే బంతిని కుడికాలి వైపు పెట్టి తలని కొంచెం మూయాలి. ఎత్తు కావాలంటే ఎడమకాలి వైపు పెట్టి తెరవాలి. దూరం తగ్గాలంటే పిడి కిందికి పట్టుకోవాలి, చెయ్యి సగం దాకే ఊపాలి. పట్టర్ లేకపోతే ఐరన్ అంచుతో బంతి నడుము మీద తాకిస్తే చక్కగా దొర్లుతుంది. ఒకే ఫంక్షన్, పారామీటర్లు మారుస్తున్నాం అంతే. 14 స్టిక్‌లున్నోడు బ్యాగ్‌లో వెతుకుతాడు, ఒక్కటున్నోడు బుర్రలో వెతుకుతాడు.

1979 ఓపెన్, ఆఖరి రోజు, 16వ హోల్. సెవే కొట్టిన బంతి పోయి కార్ పార్కింగ్‌లో పడింది. కార్ల మధ్య! రూల్ ప్రకారం ఫ్రీ డ్రాప్ తీసుకుని, అక్కడి నుంచి గ్రీన్ మీదికి కొట్టి బర్డీ చేశాడు. జాక్ నిక్లాస్ లాంటోణ్ని వెనక్కి నెట్టి మూడు షాట్ల తేడాతో కప్పు ఎత్తాడు. 1907లో ఫ్రాన్స్ ప్లేయర్ ఆర్నో మాసీ తర్వాత యూరప్ ప్రధాన భూభాగం నుంచి ఓపెన్ గెలిచినవాడు ఇతనే. "లక్ అంతే, పార్కింగ్ చాంపియన్" అని ఎక్కిరించినోళ్లున్నారు. తర్వాత ఇంకో రెండు ఓపెన్లు, రెండు మాస్టర్స్ గెలిచాడు. లక్ ఐదుసార్లు రాదు మామా.

ఇట్లాంటోళ్లు ఇంకా ఉన్నారు. అమెరికాలో లీ ట్రెవినో, టెక్సాస్‌లో పేదరికంలో పెరిగిన మెక్సికన్ అమెరికన్. స్టిక్ కూడా కాదు, డాక్టర్ పెప్పర్ కూల్‌డ్రింక్ సీసాకి టేప్ చుట్టి, దాంతో బంతి కొడుతూ పందేలు గెలిచేవాడు. తర్వాత ఆరు మేజర్లు గెలిచాడు.

మరి మన దేశం? రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ 1829ది. బ్రిటన్, ఐర్లాండ్ బయట ప్రపంచంలో పాతది అదే. అంటే దాదాపు 200 ఏళ్లుగా ఈ ఆట మన దగ్గర ఉంది. కానీ ఇండియన్ ఓపెన్‌ని ఒక భారతీయ ప్రొఫెషనల్ గెలవడానికి 1991 దాకా పట్టింది. గెలిచింది అలీ షేర్. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా పనిచేసినవాడు. 1993లో మళ్లీ గెలిచాడు. 2016, 17లో వరసగా గెలిచిన ఎస్ఎస్‌పీ చౌరాసియా నాన్న, అదే రాయల్ కలకత్తాలో గడ్డి చూసుకునే గ్రీన్‌కీపర్. ఇద్దరూ గేటు లోపల పనిచేసే కుటుంబాల నుంచే వచ్చారు, మెంబర్ల కుటుంబాల నుంచి కాదు. ముంబై చెంబూర్‌లో అయితే గోల్ఫ్ క్లబ్ పక్క బస్తీలో క్యాడీలు ఇనుప చువ్వని కింద వంచి స్టిక్ చేసుకుంటారు. ప్లాస్టిక్ బంతితో ఇళ్ల మధ్య, రేకుల మీద, మోరీల పక్కన ఆడతారు. మనిషికి ఒక్క చువ్వ, దాంతోనే అన్ని షాట్లూ.

ఇప్పుడు మన హైదరాబాద్. గోల్కొండ కోట చూశారు కదా, దానికి ఈశాన్యంలో నయా ఖిల్లా అని ఉంది, చాలామంది చూసుండరు. 1656లో ఔరంగజేబు, అప్పటికి ఇంకా యువరాజు, గోల్కొండని ముట్టడించాడు. ఆ వైపున్న మిట్ట నుంచి కోటకి ప్రమాదం అని అర్థమై, అబ్దుల్లా కుతుబ్ షా దాన్ని కూడా కలుపుతూ కొత్త గోడ కట్టించాడు. అదే నయా ఖిల్లా. లోపల ముల్లా ఖయాలీ మసీదు ఉంది, హతియాన్ కా ఝాడ్ అనే ఆఫ్రికా జాతి బావోబాబ్ చెట్టు ఉంది. 400 ఏళ్లు దాటిందంటారు. ఇప్పుడు ఆ గోడల మధ్యే హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్స్ కూడా ఉంది. చరిత్ర కట్టడం లోపల గోల్ఫ్ ఏంటి, మామూలు జనం చెట్టు దాకా పోయే దారేది అని హెరిటేజ్ వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. ఆడేవాళ్లేమో, కోర్స్ ఉండబట్టే జాగా ఆక్రమణలకి పోకుండా పచ్చగా ఉందంటారు. నాకు రెండో మాటలో కొంత నిజం కనిపిస్తుంది, మొదటి మాటలో ఎక్కువ నిజం కనిపిస్తుంది. శత్రువు రాకూడదని కట్టిన గోడ, ఇప్పుడు ఎవరిని బయట పెడుతోందో మీరే ఒకసారి పోయి చూడండి.

మన తెలుగు కుటుంబంలో పుట్టిన సాహిత్ తీగల 2023 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు, పీజీఏ టూర్‌లో అతని మొదటి టైటిల్. చెట్ల వెనక నుంచి, దిక్కుమాలిన పొజిషన్ల నుంచి బంతిని బయటికి తీసే ఆటకి పేరు అతను. చూస్తుంటే నాకు సెవే గుర్తొస్తాడు. మనోళ్లందరం షేర్ చేసుకున్నాం, గర్వపడ్డాం, కరెక్టే. కానీ అతను పెరిగింది కాలిఫోర్నియాలో. అక్కడ మెంబర్‌షిప్ లేకపోయినా టికెట్ కొని ఆడే పబ్లిక్ కోర్సులు ఊరూరా ఉంటాయి. అదే పిల్లాడు జల్‌పల్లిలో పుట్టుంటే ఎక్కడ ఆడేవాడు? మా చెరువు పక్క ఖాళీ జాగాలోనా?

అది కూడా ట్రై చేశాను లెండి. జుమ్మేరాత్ బజార్‌లో ఒక తుప్పు పట్టిన 7-ఐరన్ దొరికింది, బేరమాడితే 350. పిడి రబ్బరు ఊడిపోతే క్రికెట్ బ్యాట్ గ్రిప్ ఎక్కించా. మూడు నెలలు పొద్దున్నే ఆ జాగాలో కొట్టా. గల్లీ పిల్లలు ఫస్ట్ నవ్వారు, తర్వాత లైన్ కట్టారు. క్రికెట్‌కి ఒక్క బ్యాట్‌నే పదిమంది పంచుకునేవాళ్లకి, ఒక్క స్టిక్ అంటే వింత కాదు కదా. రెండో వారానికి ఒకడు నాకంటే స్ట్రెయిట్‌గా కొడుతున్నాడు, చెప్పులేసుకుని.

తర్వాత మా పాత మేనేజర్ తనతో గెస్ట్‌గా ఒక కోర్స్‌కి తీసుకెళ్లాడు. ఎక్కడో చెప్పను. అంతకుముందు ఒకసారి అక్కడే ఆయన ఫుల్ బ్యాగ్ అడుక్కుని ఆడితే 134 కొట్టా, పార్ 72. ఈసారి నా 350 రూపాయల ఐరన్ ఒక్కటే. రిసెప్షన్‌లో అతను "బ్యాగ్ కారులో ఉందా సార్" అని అడిగాడు. ఇదే బ్యాగ్ అన్నా. ఇసుకలో ఏడు స్ట్రోకులు పోయాయి ఒక్క హోల్‌లోనే, సెవేని మనసులో తిట్టుకున్నా. కానీ గ్రీన్ దగ్గర, నిజం చెప్తున్నా, ఏ స్టిక్ తీయాలా అనే టెన్షన్ లేకపోయేసరికి ఎట్లా కొట్టాలా అని మాత్రమే ఆలోచించా. మొత్తం 131.

మేనేజర్ వెంట వచ్చిన క్యాడీ అన్న, యాభై దాటుంటాడు, 14వ హోల్ దగ్గర నా ఐరన్ ఒకసారి ఇమ్మన్నాడు. అటూ ఇటూ చూసి, ఒక్క షాట్ కొట్టాడు. బంతి చెట్టు కొమ్మ కింద నుంచి పోయి, లేచి, గ్రీన్ మీద ఆగింది. "నేర్చుకుంది ఇట్లాంటి దాంతోనే సార్" అని స్టిక్ తుడిచి తిరిగిచ్చాడు. మీరు ఇక్కడ రెగ్యులర్‌గా ఆడతారా అని అడిగితే నవ్వి, "మోస్తా సార్" అన్నాడు.

ఆ ఐరన్ ఇప్పుడు చెప్పులేసుకుని కొట్టే పిల్లాడి దగ్గర ఉంది. వాడికి టెన్త్ ఎగ్జామ్స్ అయ్యాక ఒక రౌండ్ ఎక్కడైనా ఆడించాలని తిరుగుతున్నా, గెస్ట్ పాస్ కోసం ఇద్దరు ముగ్గుర్ని అడిగా, ఇంకా ఎవరూ అవునన్లేదు. దొరికితే ఆ రౌండ్ మొత్తం షూట్ చేసి పెడతా. ఉంటా మరి, బాయ్.