గుఱ్ఱమునకు నేతియన్నము

నా బాల్యమున మా వీథి చివర నొక జట్కావాని యిల్లుండెను. అతని గుఱ్ఱము మా పిల్లలందఱకును నేస్తము. మా యింట నొక పెండ్లి జరిగిన మఱునాడు మిగిలిన నేతియన్నమును బూరెలను ఒక పెద్ద తట్టలో నింపి మా పెద్దలు దానికి పంపిరి. మూడుదినములు చుట్టములను స్టేషనునుండి మోసి తెచ్చిన జంతువునకు కృతజ్ఞత చూపవలెనని వారి తలంపు. గుఱ్ఱము తట్టెడును ఆతురముతో తినెను. ఆ రాత్రి అది ముంగాలితో నేలను త్రవ్వుచు, మాటిమాటికి తన డొక్కవైపు తిరిగి చూచుకొనుచు, పడుచు లేచుచు పొరలాడెను. తెల్లవారుసరికి ప్రాణము విడిచెను. పెండ్లికి వచ్చినవారి దిష్టి తగిలినదని మా అవ్వ యనెను. జట్కావాడును అట్లే నమ్మెను. తట్టవైపు మాత్ర మెవ్వరును చూడలేదు.

చాలకాలమునకు పిమ్మట దేశచరిత్రములు చదువుచుండగా ఆ తట్ట నాకు మరల కనబడినది. ఇది మా వీథిలో పుట్టిన కథ గాదు. దక్షిణదేశపు రాజాస్థానములలో శతాబ్దములపాటు జరిగిన కథయే.

13వ శతాబ్దము చివర చోళమండల తీరమునకు వచ్చిన వెనీసు వర్తకుడు మార్కోపోలో, పాండ్యరాజుల గుఱ్ఱములను గూర్చి యొక విచిత్రమును వ్రాసియుంచెను. ఆ దేశమున మంచి గుఱ్ఱములు పుట్టవు. రాజు ఏటేట రెండువేలకు పైగా గుఱ్ఱములను పారసీక, అరబ్బు తీరములనుండి కొనును. అతని సోదరులును అట్లే కొందురు. సంవత్సరాంతమున వానిలో నూఱైనను మిగులవు. గుఱ్ఱములకు వండిన అన్నమును, ఉడికించిన మాంసమును పెట్టుదురని అతడు వ్రాసెను. వానిని సాకుట యెఱిగినవారు అచ్చట లేరనియు, అశ్వవైద్యులు ఆ దేశమునకు పోకుండ వర్తకులే చూచుకొందురనియు చెప్పెను. చచ్చిన ప్రతి గుఱ్ఱమునకు బదులు మఱియొకటి అమ్ముడుపోవును గదా!

పారసీక చరిత్రకారుడు వస్సాఫ్ ఇంచుమించు ఆ కాలమునే గూర్చి వ్రాయుచు, ఏటేట పదివేల గుఱ్ఱములు ఈ తీరమునకు వచ్చుచుండెననియు, ఒక్కొక్కదాని వెల 220 దీనారములనియు తెలిపెను. పచ్చి యవలకు మాఱుగా వేచిన యవలను, వెన్నతో కలిపిన ధాన్యమును పెట్టి, కాచిన ఆవుపాలు త్రాగింతురని ఆశ్చర్యపడెను. విజయనగరమున నివసించిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, రాజు ఏటేట పదమూడువేల గుఱ్ఱములను కొనుచుండెనని వ్రాసెను. అతడు చెప్పిన సాళువ నరసింహుని వృత్తాంతము మఱింత విచిత్రము: ఓడలో చచ్చిన గుఱ్ఱమునకు దాని తోక తెచ్చి చూపినను రాజు బ్రతికినదాని వెలయే యిచ్చుచుండెనట. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో మేలుజాతి గుఱ్ఱములు తెచ్చు దూరదేశపు వర్తకుల నాదరింపవలెనని రాజనీతి చెప్పెను. తెనుగున మనుమంచిభట్టు అశ్వలక్షణమునే గ్రంథముగా రచించెను. కావున మన పూర్వులు గుఱ్ఱము నుపేక్షించిరని యెవ్వరును అనజాలరు. ఆదరము కొఱతపడలేదు. మఱి కొఱతపడిన దేమి?

ఆ గుఱ్ఱములన్నియు ఆహారదోషము చేతనే చచ్చెనని నేను చెప్పను. సముద్రయానపు బడలిక, అలవాటులేని యెండ, లాడము కొట్టు నేర్పరుల లేమి, ఈగలు వ్యాపింపజేయు సుఱ్ఱా వంటి రోగములు, ఇవన్నియు గలవు. సుఱ్ఱారోగమునకు మూలమైన సూక్ష్మజీవిని 1880లో గ్రిఫిత్ ఇవాన్సు అను పశువైద్యుడు పంజాబున కనుగొనువఱకు దాని రహస్య మెవ్వరికిని తెలియదు. అయినను ఆ యాత్రికులు ముద్దను వేలెత్తి చూపుట వృథా కాదు. ఏలననగా గుఱ్ఱపు కడుపు మన కడుపు వంటిది గాదు. ఆవు కడుపు వంటిదియు గాదు.

అంత పెద్ద దేహమునకు గుఱ్ఱపు జీర్ణకోశము మిక్కిలి చిన్నది. ఎనిమిది మొదలు పదునైదు లీటర్లకు మించి పట్టదు. అది రోజున పదునాలుగు, పదునాఱు గంటలు కొంచెము కొంచెముగా పచ్చిక కొఱుకుచుండుటకు పుట్టిన జంతువు. నములుచున్నంతసేపే దానికి లాలాజల మూరును. గడ్డిని చాలసేపు నమలవలెను గనుక ఊట యెక్కువ. మెత్తని ముద్దను చప్పున మ్రింగును గనుక ఊట తక్కువ. తిన్నది సరిపడనిచో మనుష్యుడు వాంతిచేసికొనును, కుక్కయు చేసికొనును. గుఱ్ఱమునకు ఆ ద్వారము మూసియున్నది. పొట్ట యుబ్బి పగులవలసినదేగాని పైకి రాదు.

గడ్డిలోని పీచును జీర్ణించు పని చిన్నప్రేగు దాటిన తరువాత జరుగును. పెద్దప్రేగు మొదట ముప్పది లీటర్లవఱకు పట్టు సంచి యొకటి యున్నది. అందును, దానికి తరువాతి విశాలమైన ప్రేగులోను నివసించు అసంఖ్యాక సూక్ష్మజీవులు పీచును పులియజేసి గుఱ్ఱమునకు శక్తి నిచ్చును. గుఱ్ఱమును పోషించుట యనగా ఈ కనబడని పరివారమును పోషించుటయే. ధాన్యము మితిమీఱినపుడు చిన్నప్రేగులో జీర్ణముకాని పిండిపదార్థము ఆ సంచిలో పడును. అచ్చట అతివేగముగా పులిసి లాక్టిక్ ఆమ్లము పుట్టును. పీచును జీర్ణించు జీవులు చచ్చును. వాని విషము రక్తమున చేరును. ఫలితము శూల, ఒక్కొక్కప్పుడు గిట్టలోపలి పొరలు వాచి గుఱ్ఱము జీవితాంతము కుంటిదగును. కడుపులో జరిగిన తప్పు కాలిగిట్టలో కనబడుట చేతనే కారణమును కనిపెట్టుట కింతకాలము పట్టినది.

ఇప్పుడా రాజుల వంటకములను ఒక్కొక్కటిగా పరీక్షింతము. అన్నపు ముద్ద ఒక్కసారిగ మెక్కించిన పిండిరాశి. మాంసము కొంచెము తిన్నంత మాత్రమున విషము గాకున్నను ఆ జంతువు ప్రకృతికి చేరినది గాదు. పాలు పిల్లకు అమృతము; మూడేండ్లు దాటిన గుఱ్ఱమునకు పాలలోని చక్కెరను జీర్ణించు రసము తగ్గిపోవును గనుక అవి విరేచనములకు త్రోవతీయును. ఇంతవఱకు యాత్రికుల ఆక్షేపణ సరియే. కాని వేచిన యవలను జూచి వస్సాఫ్ ఆశ్చర్యపడుట తగదు. వేడి తగిలిన యవలపిండి చిన్నప్రేగులోనే సులభముగా జీర్ణించును. నేయి, నూనె మితముగా అలవాటు చేసినచో గుఱ్ఱము చక్కగా గ్రహించునని నేటి పశువైద్యము చెప్పుచున్నది. మన పల్లెల గుఱ్ఱపు గుగ్గిళ్ళును అట్టివే. పచ్చి ఉలవలలో మాంసకృత్తుల జీర్ణము నడ్డగించు పదార్థము గలదు. ఉడికించిన నది నశించును. గుగ్గిళ్ళు పెట్టిన సామాన్యుడు శాస్త్రము చదువకయే సరిగా నడచెను. నేతియన్నము పెట్టిన ప్రభువు తప్పెను. కావున పరదేశి పరిహసించినంత మాత్రమున మన ఆచారము చెడ్డది గాదు. మన తాతలనాటిదైనంత మాత్రమున మంచిదియు గాదు.

1909లో మైసూరున శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుని గూర్చి యొక ప్రకరణ మున్నది. ఉత్తమాశ్వమునకు రెండు ద్రోణముల ధాన్యము, అయిదు పలముల ఉప్పు, ఏబది పలముల మాంసము మున్నగునవి అందు విధింపబడెను. ఈనిన గోడిగకు మూడు రాత్రులు నేయి, పిల్లకు ఆఱునెలలవఱకు పాలు చెప్పబడెను. కొన్ని విధులు నేటి పరీక్షకు నిలుచును, కొన్ని నిలువవు. కాని ఆ పట్టికకంటె విలువైన వాక్య మొకటి యచ్చటనే గలదు. అశ్వవైద్యులు దేహము చిక్కుటకును బలియుటకును ప్రతిక్రియ చేయవలెననియు, ఋతువునుబట్టి ఆహారమును మార్చవలెననియు దాని భావము. అనగా గుఱ్ఱమును ప్రతిదినము చూడుమని శాస్త్రమే యాజ్ఞాపించినది. మనము పట్టికను కంఠస్థము చేసి, చూచువానిని మఱచితిమి. గుఱ్ఱము కొనునపుడు సుడులు శుభమో అశుభమో లెక్కించినంత శ్రద్ధతో దాని పేడను పరీక్షించినవా రెందఱు?

పాశ్చాత్యులు ఈ దోషమునకు అతీతులని తలంపరాదు. గ్రీకు సేనాని జెనోఫన్ క్రీ.పూ. 4వ శతాబ్దముననే, గుఱ్ఱము మేతను చిందించినచో అలసటయో యవల అజీర్ణమో కారణము కావచ్చునని హెచ్చరించెను. అయినను యూరపు నగరములలో బండి లాగు గుఱ్ఱములకు ‘సోమవారపు రోగ’ మని యొకటి చాలకాలము ప్రసిద్ధమై యుండెను. ఆదివారము పనిలేదు, దాణా మాత్రము నిండుగా పెట్టుదురు. సోమవారము కాడి కట్టి కొంతదూరము నడపగనే కండరములు కొయ్యబాఱి, మూత్రము నల్లబడి గుఱ్ఱము కూలును. విశ్రాంతిదినమున ధాన్యము తగ్గించుటయే దానికి మందని బండివారు అనుభవముచే నేర్చిరి. 1899 మొదలు 1902 వఱకు దక్షిణాఫ్రికాలో జరిగిన బోయరు యుద్ధమున బ్రిటిషువారు తెచ్చిన 5,18,000కు పైబడిన గుఱ్ఱములలో 3,26,000 చచ్చెను. గుండు తగిలి చచ్చినవి కొద్ది. ఓడ దిగినవానిని విశ్రాంతియు చాలినంత మేతయు లేకుండ దండయాత్రకు తోలుటయే ముఖ్యకారణము. గ్రంథములున్నవి, వైద్యులున్నారు, వారి మాట వినువారు లేకపోయిరి.

మేత వలన కలుగు కీడు కడుపుతో ముగియదు. 1698లో ఇంగ్లండున జాన్ ఫ్లాయరు అను వైద్యుడు ఉబ్బసమును గూర్చి గ్రంథము వ్రాసెను. తానే ఉబ్బసరోగి యైన ఆయన, ఎగరోజుచుండిన యొక గోడిగ కళేబరమును కోయించి పరీక్షించి ఆ విషయము నందు చేర్చెను. తడి యాఱకముందే వామి వేసిన గడ్డి బూజుపట్టును. మూసిన శాలలో గుఱ్ఱము తల దింపి తినునపుడు ఆ బూజుధూళి ఊపిరితిత్తులలో చేరును. కొన్నింటికి అది సరిపడక దగ్గు, ఆయాసము కలుగును. నేడు మన మలర్జీ యనున దిట్టిదే. గడ్డిని తడిపి పెట్టుట, గుఱ్ఱమును బయట పచ్చికలో విడుచుట, దీనికి మందులకంటె ముందు చేయవలసిన పనులు. తినెడు దాణాయే సరిపడక చర్మముపై దద్దురులు లేచుట మాత్రము అరుదు. అట్టి యనుమానము కలిగినచో ఆ ధాన్యమును కొన్నివారములు మానిపించి, మరల పెట్టి చూచినగాని నిశ్చయింపరాదు. ఊహతో నిందించుట దిష్టిని నిందించుటకు చెల్లెలు వంటిదే.

గుఱ్ఱమును సాకువారికి నేటి శాస్త్రము చెప్పునది కొంచెమే. దాని బరువులో నూటికి ఒకటిన్నర పాలకు తక్కువ గాకుండ దినమునకు ఎండుమేత యుండవలెను. ధాన్యము పనికి తగినంతయే, కొంచెము కొంచెముగా పలుమాఱులు పెట్టవలెను. మేత మార్చినపుడు వారము మొదలు రెండు వారములలో క్రమముగా మార్చవలెను. లోపలి సూక్ష్మజీవులకు క్రొత్తదాని నలవాటు చేసికొను వ్యవధి కావలెను. ఉప్పు, మంచినీరు ఎల్లప్పుడు నుండవలెను. ఇందులో రాజభోగ మేదియు లేదు. పేదవాడైన జట్కావానికి గడ్డి దొరకినచో సాధ్యమైనదే.

మా యింటి అన్నమే ఆ గుఱ్ఱమును చంపెనని నేడు ప్రమాణము చేసి చెప్పజాలను. కాని ఆ లక్షణములను తలచుకొన్నపుడెల్ల నా మనస్సు ఆ తట్టవైపే పోవును. మా పెద్దలు క్రూరులు గారు. తాము తిన్న మేలైన వస్తువునే దానికి పెట్టిరి. ఆ గుఱ్ఱమునకు కావలసినది మా మేలైన వస్తువు గాదు, దాని మేలైన వస్తువు. జట్కావాడు మఱియొక గుఱ్ఱమును కొనలేక ఆ యేడే ఊరు విడిచిపోయెను. అవ్వ మాత్రము తాను బ్రతికియున్నంతకాలము పెండ్లిండ్లలో గుమ్మమునకు గుమ్మడికాయ కట్టించుచునే యుండెను.