బుంగను చూచినవాడు



మాది గుడివాడ ప్రాంతమున కాలువగట్టు నంటియున్న పల్లె. నా చిన్ననాట, సార్వా నాట్లు సాగుచుండగా, గట్టు వెలుపలి పాదమున ఊట పుట్టినదని పశువులకాపరి యొకడు వచ్చి చెప్పెను. “నాట్లవేళ ఈ అపశకునపు మాట లేల?” యని పెద్దలు కొందరు కసరిరి. మా తాతగారు మాత్రము లస్కరును వెంటబెట్టుకొని గట్టునకు బోయిరి.

ఊటనీరు తేటగా నున్నంతవరకు భయము తక్కువ. బురదగా మారెనా, గట్టు కడుపులోని మన్ను తరలిపోవుచున్నదని గుర్తు. ఆనాటి నీరు బురదగా నుండెను. ఎండ్రకాయ తొలిచిన బొరియ బుంగయైనది. తాతగారు దాని నోరు మూయనీయలేదు. మూసినచో నీరు వేరొక దారి తొలుచుకొనును. చుట్టును ఇసుకసంచులు పేర్పించి, ఊటపై ఇసుకయు దానిపై కంకరయు పోయించిరి. నీరు వచ్చెను గాని మన్ను రాలేదు. గట్టు నిలిచెను. ఆ కాపరి నెవరును మెచ్చుకొనలేదు. అది నేటికిని నాకు సిగ్గుగా నున్నది.

గొప్పవారు కట్టిన కట్టకైనను కాపలా తప్పదు. ఆర్థర్ కాటన్ ప్రోత్సాహమున, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణమున విజయవాడకడ 1852లో మొదలైన ఆనకట్ట 1855లో ముగిసినది. బందరు, గుడివాడ, దివిసీమల పొలములు దానివలన పండినవి. దాదాపు నూరేండ్లు నిలిచిన ఆ కట్టకు 1952లో గండి పడెను. 1954లో ఆరంభమైన ప్రకాశం బరాజు 1957లో పూర్తియైనది.

2021 ఆగస్టు 5న, మన డెల్టాకొరకు నీరు నిలుపు పులిచింతలలో 16వ గేటు కొట్టుకొనిపోయెను. దాని స్థానమున తాత్కాలికపు తలుపు దింపుటకై జలాశయమును చాలవరకు ఖాళీ చేయవలసివచ్చెను. మనకై దాచిన నీరు సముద్రము పాలయ్యెను. దోషము ఎగువన, దాని భయము దివిసీమ శివారు రైతునకు.

పనిలో తప్పున్నదని చెప్పినవాడు పనికి శత్రువు కాడు. తొలినాడు తట్టెడు మన్నుతో తీరునది, దాచినచో ఊరి పంట నడుగును. కావున ప్రతి గ్రామమున ఒక పుస్తకముంచుడు. ఏ దినమున, ఏ తూమునొద్ద, ఎవరేమి చూచిరో వ్రాయుడు. ఆ వ్రాతను పైయధికారికి పంపి, బదులు వచ్చువరకు అడుగుడు. చెప్పినది పొరపాటైనను వానిని నవ్వకుడు. నవ్వినచో రేపు నిజమైన బుంగను చూచినవాడు నోరు మెదపడు.