పాత ట్రాక్టరుకు ఎయిర్ ఫిల్టర్ మార్పు: ఆయిల్ బాత్ తీసి డ్రై ఫిల్టర్ పెట్టించే ముందు తెలుసుకోవలసినవి

ఇరవై, ముప్పై ఏళ్ల కిందటి ట్రాక్టరు ఉన్న రైతులు తరచుగా అడుగుతుంటారు: పాత ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ తీసేసి, కొత్త బండ్లకు వచ్చే పేపర్ ఫిల్టర్ పెట్టించుకోవచ్చా అని. పెట్టించుకోవచ్చు. అయితే ఇది అందరికీ అవసరం లేదు. అవసరమైన వారు కూడా ముందు చూసుకోవలసింది ఫిల్టరును కాదు, ఫిల్టరుకూ ఇంజనుకూ మధ్య ఉన్న రబ్బరు హోస్ పైపును. అక్కడ చిన్న చీలిక ఉంటే ఎంత ఖరీదైన ఫిల్టర్ పెట్టినా ఇంజనులోకి దుమ్ము పోతూనే ఉంటుంది.

ఇంజను పీల్చే గాలి, అందులో దుమ్ము

ఒక లీటరు డీజిల్ మండడానికి కనీసం 10,000 లీటర్ల గాలి కావాలి. మరో రకంగా లెక్క చూద్దాం. 2,500 సీసీ ఇంజను 2,000 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే నిమిషానికి సుమారు 2,100 లీటర్ల గాలి పీలుస్తుంది. ఎనిమిది గంటలు రోటవేటర్ నడిపితే అది దాదాపు 1,000 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు గాలిలో అర గ్రాము దుమ్ము ఉందనుకున్నా, సాయంత్రానికి ఎయిర్ క్లీనర్ ముందుకు వచ్చే దుమ్ము అర కిలో.

మంచి స్థితిలో ఉన్న ఆయిల్ బాత్ నూటికి 95 నుంచి 98 పాళ్ల దుమ్మును ఆపుతుంది. మంచి పేపర్ ఎలిమెంట్ 99.9 పాళ్ల వరకు ఆపుతుంది. వినడానికి తేడా రెండు మూడు పాళ్లే. కానీ చూడవలసింది ఎంత ఆగిందని కాదు, ఎంత లోపలికి పోయిందని. ఆ అర కిలోలో 97 శాతం ఆపే ఆయిల్ బాత్ దాటి 15 గ్రాములు లోపలికి పోతాయి. పేపర్ ఫిల్టర్ దాటి పోయేది అర గ్రాము. ఇంజను ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు గాలి వేగం తక్కువ కాబట్టి ఆయిల్ బాత్ పనితనం ఇంకా తగ్గుతుంది. పేపరుకు ఈ ఇబ్బంది లేదు.

మన ఎర్ర నేలల్లో, చల్క నేలల్లో ఇసుక పాలు ఎక్కువ. ఇసుకలోని క్వార్ట్జ్ రేణువు లైనరు ఇనుము కంటే గట్టిది. కంటికి ఆనని సన్నటి రేణువులే ఎక్కువ హాని చేస్తాయి. అవి ఆయిల్ పొరలో చేరి రింగులనూ లైనర్లనూ బేరింగులనూ రుద్దుతాయి. బండి ఆయిల్ తినడం, బ్రీదర్ నుంచి పొగ రావడం, పొద్దున స్టార్ట్ కాక మొరాయించడం ఆ తర్వాత బయటపడతాయి. అప్పటికి ఏ ఫిల్టరూ దాన్ని బాగు చేయలేదు, బోరు పని చేయించాల్సిందే. ఫిల్టర్ మార్పుకు అయ్యే ఖర్చు కొన్ని వేలు. ఇంజను విప్పితే దానికి ఎన్నో రెట్లు, పైగా సీజన్‌లో బండి షెడ్డులో ఉంటుంది.

ముందుగా తెల్ల గుడ్డ పరీక్ష

ఇంజను ఆపి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర హోస్ పైపు క్లిప్పు వదులు చేసి పైపు తీయండి. లోపలి గోడను శుభ్రమైన తెల్ల గుడ్డతో తుడవండి. పలుచని నూనె జిడ్డు వస్తే ఆయిల్ బాత్‌కు అది మామూలే. పొడి దుమ్ము గాని, వేళ్ల మధ్య నలిపితే గరగరలాడే బురద గాని వస్తే ఫిల్టర్ దాటి దుమ్ము పోతోందని అర్థం. పైపును చేత్తో వంచి మడతల లోతులో చీలికలు వెతకండి. కింది వైపు కనపడదు గనుక అక్కడ వేలితో తడిమి చూడాలి. పాత రబ్బరు గట్టిపడి ఉంటే చీలిక లేకపోయినా మార్చండి. తీగ చుట్టి బిగించిన చోట్ల సరైన స్టీలు క్లిప్పులు వేయండి. నేను గ్రామాల్లో చూసిన పాత బండ్లలో చాలావాటికి ఈ పనితోనే సగం జబ్బు నయమయ్యేది. కొత్త ఫిల్టర్ అమ్మేవారు సహజంగానే ఈ మాట ముందు చెప్పరు.

ఆయిల్ బాత్ చెడ్డదేమీ కాదు

రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలిటరీ లారీల నుంచి మొన్నమొన్నటి ట్రాక్టర్ల దాకా నడిచింది ఈ పద్ధతిలోనే. గాలి మధ్య గొట్టం గుండా కిందికి వచ్చి, గిన్నెలోని ఆయిల్‌ను తాకుతూ ఒక్కసారిగా పైకి మళ్లుతుంది. ఆ మలుపులో బరువైన దుమ్ము ఆయిల్‌లో పడిపోతుంది. మిగిలినది ఆయిల్‌తో తడిసిన జాలికి అంటుకుంటుంది. మార్చాల్సిన ఎలిమెంట్ ఏమీ ఉండదు, ఆయిల్ ఖర్చు ఒక్కటే. దుక్కి, గట్టు రోడ్డు మీద ట్రాలీ, దమ్ము పని ఉన్న బండికి ఇది చాలు.

చాలనిది ఎప్పుడంటే, ఎవరూ గిన్నె విప్పి చూడనప్పుడు. దుమ్ము పనిలో రోజూ ఒకసారి గిన్నె దించాలి. ఆయిల్ చిక్కబడి అడుగున సెంటీమీటరు మందాన మడ్డి పేరితే పారబోసి, గిన్నె కడిగి, బండి పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిల్‌ను గీత వరకు పోయాలి. గీతకు కింద ఉంటే దుమ్ము ఆగదు. గీత దాటితే అంతకంటే ప్రమాదం: ఆ ఆయిల్‌ను ఇంజను పీల్చుకుంటుంది. నీలి పొగ వస్తుంది, ఒక్కోసారి ఇంజను ఆ ఆయిల్ మీదే అదుపు తప్పి తిరుగుతుంది. స్టాప్ నాబ్ లాగినా ఆగదు. అలాంటప్పుడు గాలి దారి మూయడమే మార్గం. చెక్క పలకతో మూయండి, చెయ్యి అడ్డం పెట్టకండి. పైజాలిని కూడా ఏడాదికి రెండుసార్లయినా డీజిల్‌లో జాడించి, పూర్తిగా ఆరాక బిగించాలి.

అద్దెకు తిప్పే బండి అయితే రోజుకొక డ్రైవరు ఎక్కుతాడు. గిన్నె ఎవరు విప్పాలో ఎవరికీ తెలియదు. అలాంటి బండికి డ్రై ఫిల్టర్ పెట్టించమనే నా సలహా.

ఎవరు మార్చుకోవాలి

ఎండాకాలం పొడి నేలలో రోటవేటర్ ఎక్కువ గంటలు నడిపేవారు, మొక్కజొన్న, కంది, శనగ నూర్పిడికి ఒకేచోట నిలబెట్టి పీటీఓ మీద మిషన్ తిప్పేవారు, గడ్డి కట్టలు కట్టేవారు, మట్టి తోలేవారు మార్చుకుంటే లాభం. నూర్పిడి పనే అన్నింటికంటే చెడ్డది. బండి కదలదు, పొట్టు మేఘంలా చుట్టూ తిరుగుతుంటుంది. బోరు పోయి ఇప్పటికే ఆయిల్ తింటున్న ఇంజనుకు ముందు ఇంజను పని చేయించి, ఆ తర్వాత ఫిల్టర్ మార్చండి.

మైలేజీ పెరుగుతుందని మాత్రం ఆశపడవద్దు. శుభ్రంగా ఉన్న ఆయిల్ బాత్‌తో పోలిస్తే డీజిల్ ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాదు.

ఏది కొనాలి

పైన చూపిన లెక్కే మీ బండికి వేసుకోండి. ఇంజను సీసీని లీటర్లలోకి మార్చి, గరిష్ఠ ఆర్‌పీఎంలో సగంతో గుణించి, వచ్చినదానికి 85 శాతం కట్టండి. ఫిల్టర్ సామర్థ్యం అంతకంటే కనీసం పావు వంతు ఎక్కువ ఉండాలి. 2,500 సీసీ బండికి నిమిషానికి సుమారు 3 ఘనపు మీటర్లది చూసుకుంటే దిగులుండదు. టర్బో ఉంటే ఒకటిన్నర రెట్లు అనుకోండి. దొరికింది కదా అని చిన్న ఫిల్టర్ పెడితే ఇంజనుకు గాలి చాలదు. నల్ల పొగ వస్తుంది, బరువు మీద బండి లాగదు.

ఎలిమెంట్లు రెండు ఉన్న రకం తీసుకోండి. బయటది పెద్దది, లోపలది చిన్నది. బయటది చిరిగినా, మార్చేటప్పుడు దుమ్ము రాలినా లోపలది కాపాడుతుంది. డబ్బా కింద దుమ్ము రాల్చే రబ్బరు వాల్వ్ ఉండాలి. బిగించేటప్పుడు అది నేల వైపు చూడాలి, పక్కకు తిరిగితే పని చేయదు. పైన ప్రీ క్లీనర్ తప్పనిసరి. బరువైన దుమ్మును అదే ముందుగా తిప్పి బయటికి నెడుతుంది కాబట్టి ఎలిమెంట్ ఎక్కువ రోజులు వస్తుంది. గాలి తీసుకునే మూతి బానెట్ కంటే ఎత్తున ఉండాలి. ముందు టైర్లు లేపిన దుమ్ము, సైలెన్సర్ పొగ దానికి అందకూడదు.

మరొకటి, చిన్నదే గాని మరచిపోకూడనిది: రెస్ట్రిక్షన్ ఇండికేటర్. ఫిల్టరుకూ ఇంజనుకూ మధ్య బిగిస్తారు. ఎలిమెంట్ పూడుకుపోయినప్పుడు ఎర్ర గీత చూపిస్తుంది. ఎక్కువ రకాలు 500 నుంచి 635 మి.మీ. నీటిమట్టమంత పీల్పు దగ్గర ఎర్రబడేలా ఉంటాయి. ఇది లేకుండా డ్రై ఫిల్టర్ పెట్టించుకోవద్దు.

కొందరు మెకానిక్‌లు పాత ఆయిల్ బాత్‌ను అలాగే ఉంచి, దాని వెనుక పేపర్ ఫిల్టర్ తగిలిస్తున్నారు. రెండింతల రక్షణ అనిపిస్తుంది గాని ఆయిల్ తుంపర వెళ్లి పేపరును తడిపి నాలుగు రోజుల్లో పూడ్చేస్తుంది. ఉంటే అదుండాలి, లేదా ఇదుండాలి. రేసు బండ్ల కోసం అమ్మే నూనె పూసిన కాటన్ ఫిల్టర్లు గాలి తేలికగా పోనిస్తాయి, దాంతోపాటు దుమ్మునూ పోనిస్తాయి. పొలం బండికి అవి వద్దు. ప్రీ క్లీనర్ మీద పాత లుంగీ చుట్టి కట్టే అలవాటు కూడా మానాలి. పూడిపోయిన గుడ్డ గాలిని బిగబట్టి, ఇంకెక్కడ సందు ఉంటే అక్కడి నుంచి దుమ్మును లాగిస్తుంది.

పెట్టించిన తర్వాత

ఆయిల్ బాత్ రోజూ విప్పాలి, డ్రై ఫిల్టర్ వీలైనంత తక్కువ విప్పాలి. ఈ తేడా డ్రైవరుకు స్పష్టంగా చెప్పండి. విప్పిన ప్రతిసారీ కొంత దుమ్ము శుభ్రమైన వైపు పడే అవకాశం ఉంది. ఇండికేటర్ ఎర్రబడినప్పుడే తీయండి. రోజూ చేయవలసింది కింది రబ్బరు వాల్వ్‌ను రెండు వేళ్లతో నొక్కి దుమ్ము రాల్చడమే.

తీసిన ఎలిమెంట్‌ను టైరుకేసి కొట్టవద్దు. అంచు వంగితే సీల్ పోతుంది. కంప్రెసర్ గాలి 30 పీఎస్ఐ మించకుండా, లోపలి నుంచి బయటికి పట్టండి. పంక్చర్ షాపులో ఉండే ఒత్తిడి నేరుగా పడితే పేపరు చిల్లులు పడుతుంది. తర్వాత చీకట్లో లోపల టార్చి వెలిగించి చుట్టూ తిప్పి చూడండి. సూది మొనంత వెలుగు కనిపించినా అది పనికిరాదు. పెట్రోలు, డీజిల్‌తో కడగవద్దు. ఐదారుసార్లు శుభ్రం చేశాక, లేదా ఏడాది నిండాక కొత్తది వేయండి. లోపలి చిన్న ఎలిమెంట్‌ను శుభ్రం చేయకూడదు. బయటది మూడుసార్లు మారినప్పుడు దాన్ని ఒకసారి మార్చాలి. మార్చి బిగించిన వారం తర్వాత తెల్ల గుడ్డ పరీక్ష మళ్లీ చేయండి. ఈసారి గుడ్డకు ఏమీ అంటకూడదు.

ఎలిమెంట్ కొనేటప్పుడే ఇంకొక జత తెచ్చి కవరు విప్పకుండా ఇంట్లో పెట్టుకోండి. నూర్పిడి రోజుల్లో అందరూ ఒకేసారి షాపు మీద పడతారు, ఆ నంబరు దొరకదు. తీసిన పాత ఆయిల్ బాత్‌ను పాత ఇనుముకు వేయవద్దు. గిన్నె, జాలి కడిగి, దాని క్లిప్పులతో సహా సంచిలో కట్టి షెడ్డులో ఉంచండి. ఎప్పుడైనా ఎలిమెంట్ దొరకని రోజున చిరిగిన పేపరుతో బండి నడిపే బదులు దాన్నే తిరిగి బిగించుకోవచ్చు.