కుక్కతో సహా

ముసలితనంలో ఇల్లు వదిలి మరో చోటికి బయల్దేరినవాడితో "నువ్వు రావచ్చు గానీ నీ కుక్కకి వీల్లేదు" అన్న మొదటి మేనేజరు ఎవరంటారు? నన్నడిగితే సాక్షాత్తూ దేవేంద్రుడే. మహాప్రస్థానం కథ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. రాజ్యం మనవడి చేతిలో పెట్టి, నారబట్టలు కట్టుకుని, భార్యా తమ్ముళ్ళూ ఒక్కొక్కరే దారిలో కూలిపోతున్నా వెనక్కి తిరిగి చూడకుండా నడిచిన ధర్మరాజు, వెంటవచ్చిన కుక్క విషయంలో మాత్రం మొండికేశాడు. కుక్కలున్నవాళ్ళకి స్వర్గంలో చోటులేదని ఇంద్రుడు నిబంధన చెప్పాడు. కట్టుకున్నదాన్నీ తోడబుట్టినవాళ్ళనీ వదిలొచ్చినవాడివి, దీన్ని వదలడానికేం నొప్పి అని దెప్పాడు కూడాను. వాళ్ళు పోయాక వదిలాను, బతికించడం నా చేతిలో లేదు. ఇది బతికుండి నన్ను నమ్ముకుంది, దీన్ని వదలనన్నాడు ఆయన.

ఆ కుక్క యమధర్మరాజేనని తరవాత తేలింది, కథ సుఖాంతమైంది. నాకు మాత్రం చిన్నప్పట్నించీ ఒక అనుమానం. అది నిజంగా ఊరకుక్కే అయివుంటే ఇంద్రుడు ఒప్పుకునేవాడా? ఆ ప్రశ్నకి పురాణంలో జవాబు లేదు. మనుషుల చరిత్రలో వెతకాలి.

చరిత్రంటే రాజులూ యుద్ధాలే అనుకోకండి. ముసలివాళ్ళూ, రోగులూ ఉండే చోట జంతువుల్ని ఎప్పుడు రానిచ్చారు, ఎప్పుడు తరిమేశారు అన్నదానికీ ఒక చరిత్ర ఉంది. 1796లో ఇంగ్లండులో యార్క్ ఊరి దగ్గర విలియం ట్యూక్ అనే టీ వర్తకుడు మతి చలించినవాళ్ళ కోసం 'రిట్రీట్' అని ఒక ఆశ్రమం తెరిచాడు. అలాంటివాళ్ళని గొలుసులతో కట్టేసే రోజులవి. ఈయన గొలుసులు వద్దని, వాకిళ్ళలో కుందేళ్ళనీ కోళ్ళనీ డేగల్నీ సముద్రప్పక్షుల్నీ పెట్టించాడు. తనకంటే చిన్న ప్రాణిని చూసుకోవడంలో మనిషికి మెత్తదనం వస్తుందని, తనని తాను అదుపులో పెట్టుకుంటాడని వాళ్ళ నమ్మకం. మనవడు సామ్యూల్ ట్యూక్ 1813లో రాసిన పుస్తకంలో ఇదంతా ఉంది.

తరవాత చెప్పుకోవలసింది నైటింగేల్ గురించి. దీపం పట్టుకుని గాయపడ్డ సైనికుల మధ్య తిరిగిన ఆవిడ బొమ్మ మన స్కూలు పుస్తకాల్లో చూశాం. ఆవిడ జేబులో గుడ్లగూబ ఉండేదని మాత్రం ఏ మాస్టారూ చెప్పలేదు! 1850లో ఏథెన్స్‌లో పిల్లలు ఏడిపిస్తూంటే విడిపించిన పిల్ల గుడ్లగూబ అది. 'ఎథీనా' అని పేరుపెట్టి జేబులో వేసుకుని తిరిగేది. 1854లో యుద్ధరంగానికి వెళ్ళే హడావిడిలో దాన్ని అటక మీద వదిలేస్తే అది కాస్తా చచ్చిపోయింది. పాపం, ఆవిడ ప్రయాణం ఆపుకుని మరీ దాని శరీరాన్ని భద్రం చేయించింది. లండన్‌లో ఆవిడ మ్యూజియంలో ఇప్పటికీ ఉందది. పెద్దతనంలో ఇంటినిండా పిల్లులు. ఒకదానికి 'బిస్మార్క్' అని పేరు. అలాంటావిడ నర్సింగు గురించి రాస్తూ, ఏళ్ళ తరబడి మంచం పట్టినవాళ్ళకి చిన్న పెంపుడు ప్రాణి చాలాసార్లు చక్కని తోడన్నదంటే ఆశ్చర్యం ఏముంది?

కానీ ఆవిడ మాట పెడచెవిని పడింది. క్రిముల సంగతి తెలిశాక ఆస్పత్రి గోడలు తెల్లబడ్డాయి, నేల ఫినాయిలు వాసన కొట్టింది, కుక్కా పిల్లీ గేటు బయటికి పోయాయి. అది సబబే, ఆస్పత్రికి. చిక్కేమిటంటే, తరవాత వృద్ధుల కోసం కట్టిన నర్సింగ్ హోములు కూడా ఆస్పత్రుల పోలికలోనే కట్టారు. జ్వరం తగ్గితే ఆస్పత్రి నించి ఇంటికొస్తాం. ఇక్కడ ముసలితనం తగ్గేదీ లేదు, ఇంటికి పోయేదీ లేదు. నాలుగు రోజుల రోగి కోసం పెట్టిన నిబంధన పదేళ్ళు బతకడానికి వచ్చిన మనిషి నెత్తిన పడింది.

మళ్ళీ తలుపు తెరిపించింది ఒక కుక్కే. అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అని పిల్లల మనస్తత్వ వైద్యుడు. ఎవరితోనూ కలవని ఒక కుర్రవాడు అనుకున్న టైముకంటే ముందే వస్తే, గదిలో ఉన్న డాక్టరుగారి కుక్క 'జింగిల్స్' వెళ్ళి వాణ్ణి నాకింది. వాడు దాన్ని కావలించుకున్నాడు. 1961లో ఆయన ఈ సంగతి తోటి పండితుల సభలో చెబితే, ఫీజులో కుక్కకి వాటా ఎంతిస్తున్నావని వేళాకోళం చేశారట. పండితులు ఎక్కడైనా పండితులే.

నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. ఒహైయోలో కోర్సన్ దంపతులు పరిశోధన కోసం పెంచే కుక్కలు మొరుగుతూంటే, పక్కన మానసిక వైద్యశాలలో నోరు విప్పని రోగులు "ఆ కుక్కల్ని చూడొచ్చా?" అని అడిగారు. ఆ దంపతులే 1970ల్లో కుక్కల్ని ఒక నర్సింగ్ హోముకి తీసుకెళ్తే, ఏళ్ళ తరబడి మాటన్నది లేని ఒక వృద్ధుడు కుక్కని తెచ్చారే అంటూ నోరు తెరిచాడు. 1980లో ఎరికా ఫ్రీడ్‌మన్ అనే ఆవిడ గుండెజబ్బుతో ఆస్పత్రిలో చేరి బయటపడ్డ 92 మంది లెక్క తీసింది. ఇంట్లో పెంపుడు జంతువున్నవాళ్ళు 53 మంది. ఏడాదిలో పోయినవాళ్ళు ముగ్గురు. లేనివాళ్ళు 39 మంది. పోయినవాళ్ళు 11 మంది. తరవాత జరిగిన పరిశోధనలన్నీ ఇదే మాట చెప్పలేదు లెండి. పిల్లిని తెచ్చుకుంటే గుండె బాగుపడుతుందని నేను హామీ ఇవ్వను.

అసలు ఈ మందు వాదన నాకంత రుచించదు. తలనొప్పి మాత్రలా కుక్కని రోజుకి అరగంట ఇచ్చి తీసుకెళ్ళడం ఏమిటి? పదేళ్ళు మంచం పక్కన పడుకున్న పిల్లిని వదిలేస్తేనే గది ఇస్తామంటే, అది వైద్యానికి సంబంధించిన ప్రశ్న కాదు. మళ్ళీ ధర్మరాజు ప్రశ్నే. ఆ దేశంలో సర్కారు సొమ్ముతో వృద్ధుల కోసం కట్టిన ఇళ్ళలో చాలామందికి ఈ ప్రశ్నే ఎదురైంది. నెత్తిమీద కప్పా, ఒళ్ళో కుక్కా, తేల్చుకోమన్నారు. చివరికి 1983లో అమెరికా పార్లమెంటు చట్టం చేసింది. ప్రభుత్వ సాయంతో వృద్ధులకీ వికలాంగులకీ కట్టిన అద్దె ఇళ్ళలో మామూలు పెంపుడు జంతువులుండకూడదని యజమాని శాసించడానికి వీల్లేదు, జంతువుందన్న కారణంతో ఇల్లు ఇవ్వననడానికీ వీల్లేదు. ఎన్ని, ఎంత పరిమాణం, డిపాజిట్టు ఎంత అని సబబైన షరతులు పెట్టుకోవచ్చు. దాని నియమావళి 1986 డిసెంబరులో వచ్చింది. 1998లో మరో చట్టం ఇలాంటి హక్కునే వయసుతో నిమిత్తం లేకుండా తక్కిన సర్కారీ ఇళ్ళకీ ఇచ్చింది. ప్రైవేటు కాలనీలు దీని కిందికి రావు. అయినా నిబంధన తిరగబడిందా లేదా? "ఎందుకు ఉండాలి?" అని ముసలాయన్ని అడిగేవాళ్ళు, "ఎందుకు ఉండకూడదు?" అన్నదానికి తాము జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

ఇహ ఈ చరిత్రలో నాకు చాలా ఇష్టమైన ఘట్టం. న్యూయార్క్ రాష్ట్రంలో న్యూ బెర్లిన్ అనే చిన్న ఊళ్ళో 'చేజ్ మెమోరియల్' అని ఒక నర్సింగ్ హోము. 80 మంది వృద్ధులు. 1991లో బిల్ థామస్ అనే కుర్ర డాక్టరు అక్కడ చేరాడు. మందులు సరిగ్గానే అందుతున్నాయి, అయినా మనుషులు వడలిపోతున్నారు. ఆయన చూసి చూసి, వీళ్ళ రోగాలు మూడు అన్నాడు: ఒంటరితనం, నిస్సహాయత, విసుగు. వీటికి మందు బీరువాలో లేదు, ప్రాణమున్నవాటిని లోపలికి తేవాలన్నాడు. రెండు కుక్కలు, నాలుగు పిల్లులు, నూరు పక్షులు కావాలని పట్టుబట్టాడు. వింటున్నవాళ్ళకి కళ్ళు తిరిగుంటాయి. ఒకటీ అరా పక్షి కాదండీ, నూరు! ఏ గదిలోవాళ్ళకి ఆ గదిలో చిలక ఉండాలని ఆయన పట్టు. మనం లవ్ బర్డ్స్ అంటామే, ఆ రంగురంగుల చిన్న చిలకలు.

చిలకలు వచ్చాయి, పంజరాలు రాలేదు. తెచ్చినవాడు ఊరుకున్నాడా, నూరింటినీ కింద అంతస్తులో ఉన్న క్షౌరశాలలో వదిలి, తలుపేసి చక్కాపోయాడు. తరవాత వచ్చిన పంజరాలేమో విడివిడి ముక్కలుగా పెట్టెల్లో వచ్చాయి, బిగించుకోవాలి! సిబ్బంది చిలకల్ని పట్టుకోవడానికి గంటల తరబడి ఎగురుతూ దూకుతూంటే, ముసలివాళ్ళంతా అద్దం అవతల చేరి కన్నీళ్ళొచ్చేలా నవ్వారట. ఆ నవ్వే మొదటి డోసు.

గొడవలు లేకపోలేదు. కుక్క నేల పాడుచేస్తే శుభ్రం చేసేదెవరు? నర్సుకి అది తన పని అనిపించలేదు, అనిపించకపోవడంలో తప్పూ లేదు. ఆడవాళ్ళకి ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. మగవాళ్ళు ముచ్చటపడి తెచ్చిన కుక్కపిల్లల మూత్రం తుడిచినవాళ్ళం కదా మనం! కానీ రోజులు గడిచేకొద్దీ, లేవలేం అన్నవాళ్ళు లేచి కుక్కని తిప్పుకొస్తామని నర్సుల గది దగ్గర నిలబడ్డారు. చిలక పొద్దున్నించీ ఏం చేసిందో సిబ్బందికి పూసగుచ్చినట్టు చెప్పారు. రెండేళ్ళపాటు మరో హోముతో పోల్చి చూస్తే ఇక్కడ మందుల వాడకం దాంట్లో సగానికి దిగింది, మరణాలు 15 శాతం తగ్గాయి. మన దేశం నించి వెళ్ళిన డాక్టర్ల కొడుకు అతుల్ గవాండే 2014లో రాసిన 'బీయింగ్ మోర్టల్'లో ఈ కథంతా ఉంది. తెలుగువాళ్ళ ఇళ్ళలో తల్లిదండ్రులూ, అమెరికాలో పిల్లలూ ఇద్దరూ చదవాల్సిన పుస్తకం.

ఆ నవ్వుకీ ఆ లెక్కలకీ వెనకున్న కిటుకు చిలకలో లేదని నా అభిప్రాయం. నర్సింగ్ హోములో మనిషికి అన్నం పెడతారు, స్నానం చేయిస్తారు, మందు నోట్లో వేస్తారు. అన్నీ పుచ్చుకోవడమే. తాను ఇవ్వవలసింది, తాను లేకపోతే ఆగిపోయేది ఒక్కటీ ఉండదు. చిలక గింజల గిన్నె ఖాళీ అయిందంటే, ఎనభై అయిదేళ్ళావిడకి ఆ పూట ఒక పని ఉంది.

అందుకే జపాన్‌వారి తెల్ల సీలు బొమ్మ దగ్గర నా మనసు తటపటాయిస్తుంది. 'పారో' దాని పేరు, మరమనిషిలా మర జంతువు. తకనోరి షిబాతా అనే శాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి శ్రమించి తయారుచేశాడు. 2005లో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది, 2009లో అమెరికా దాన్ని వైద్య పరికరంగా ఒప్పుకుంది. నిమిరితే కళ్ళు మూస్తుంది, పిలిస్తే తల తిప్పుతుంది. కరవదు, వెంట్రుకలు రాల్చదు, నేల పాడుచెయ్యదు. పిల్లినే చేస్తే అసలు పిల్లితో పోల్చి పెదవి విరుస్తారని, ఎవరూ ఇంట్లో పెంచని సీలుని ఎంచుకున్నారట! మతిమరుపు ముదిరినవాళ్ళు దాన్ని పట్టుకుని నెమ్మదిస్తారంటే కాదనడానికి నేనెవర్ని? కానీ దానికి ఆకలి వెయ్యదు. ఎవరూ చూడకపోతే చచ్చిపోదు.

అదే జపాన్‌లో యోకొసుకా ఊళ్ళో 2012లో ఒక వృద్ధాశ్రమం తెరిచారు. దాని పుట్టుక వెనక ఒక కథ ఉంది. ఆ సంస్థవాళ్ళే ఇంటికెళ్ళి చూసుకునే ఒక వృద్ధుడికి కుక్క తప్ప ఎవరూ లేరు. ఇంట్లో ఉండే శక్తి పోయి ఆశ్రమానికి మారాల్సి వచ్చింది. కుక్కని తీసుకునేవాళ్ళు దొరకలేదు. అధికారులకి అప్పగించాడు. అక్కడ దిక్కులేని కుక్కలకి ఏమవుతుందో ఆయనకి తెలుసు. నా ఇంట్లో మనిషిని నా చేత్తో చంపుకున్నానని ఏడుస్తూ ఆర్నెల్లు తిరక్కుండా పోయాడట. ఆ దుఃఖం చూసినవాళ్ళు కట్టిన ఈ ఆశ్రమంలో మనుషులు తమ కుక్కతో, పిల్లితో సహా చేరవచ్చు. యజమాని ముందు పోతే ఆ జంతువు అక్కడే, మిగతావాళ్ళ మధ్య ఉండిపోతుంది.

నిజానికి ముసలివాళ్ళని కుక్కిపోయేలా చేసే భయం అదే: నేను పోతే దీని గతేమిటి? 1985లో ఇంగ్లండులో ఎవరిల్ జార్విస్ అనే ఆవిడ ఈ ఒక్క భయం కోసమే తన కుక్క పేరు మీద 'సిన్నమన్ ట్రస్ట్' పెట్టింది. యజమాని నడవలేకపోతే స్వచ్ఛంద సేవకులు వచ్చి కుక్కని తిప్పుతారు. ఆస్పత్రిలో ఉంటే వాళ్ళింట్లో ఉంచుకుంటారు. యజమాని పోతే అది బతికినన్నాళ్ళూ బాధ్యత వాళ్ళదే. జంతువుల్ని రానిచ్చే వృద్ధాశ్రమాలేవో జాబితా కూడా వేస్తారు.

మన సంగతి? మన పెరటి ఇళ్ళలో పెంపుడు జంతువు అన్న మాటే లేదు. వీధరుగు కింద కుక్క, పొయ్యి పక్కన పిల్లి, దొడ్లో గేదె. వాటికి ముద్ద పడెయ్యడం బామ్మ పని. ఎవరూ దాన్ని వైద్యం అనలేదు. ఇప్పుడు బామ్మలకి కోయంబత్తూరులో, బెంగుళూరులో, మన హైదరాబాదు శివార్లలో కాలనీలు వెలిశాయి. డాక్టరున్నాడు, గుడి ఉంది, భోజనంలో ఉప్పు తక్కువ. అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్లో బొమ్మలు చూసి డబ్బు కడుతున్నారు. గదిలో జారిపడకుండా పట్టుకునే కమ్మీల గురించి అడుగుతారు గానీ, అమ్మ పిల్లి గురించి అడగాలని వాళ్ళకి తోచదు. అమ్మ తనంతట తాను అడగదు, నవ్వుతారని.

భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, అపార్టుమెంట్ల సంఘాలు మెజారిటీతో తీర్మానించినా పెంపుడు జంతువుల్ని నిషేధించడానికి వీల్లేదని, లిఫ్టులో కూడా రావద్దనకూడదని ఉంది. అయితే ఇల్లు కొనుక్కున్నావిడ సంగతి వేరు, డిపాజిట్టు కట్టి, నెలకింతని ఇచ్చి గదిలో ఉండేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళని కట్టిపడేసేది సంతకం పెట్టిన ఒప్పందం. అందులో నలభయ్యో పేజీలో, సన్నక్షరాల్లో, వంటగ్యాసు వాడరాదన్న వాక్యానికీ గోడకి మేకులు కొట్టరాదన్న వాక్యానికీ నడుమ ఉంటుంది ఈ సంగతి. అమ్మచేత సంతకం పెట్టించేముందు ఆ పేజీ ఆవిడకి పైకి చదివి వినిపించండి. పిల్లి వయసెంతో కూడా అడగండి.