ఆపరేషన్ ఒక్కటే మార్గం కాదు
గర్భనిరోధక సాధనాలపై యువతకు అవగాహన అవసరం

ఉప్పల్: ఉపాధి, చదువుల నిమిత్తం వచ్చి నాచారం పారిశ్రామికవాడ, ఉప్పల్ పరిసరాల్లో అద్దె గదుల్లో నివసిస్తున్న యువతీయువకులు, కొత్తగా కాపురం పెట్టిన జంటలు అనేకం. కుటుంబ నియంత్రణ అనగానే చాలామందికి స్ఫురించేది కు.ని. శస్త్రచికిత్సే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల వివాహితల్లో సుమారు 62 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నారు. మాత్రలు, కాపర్-టి, కండోమ్‌లపై ఆధారపడేవారు అతి స్వల్పం. 20-24 ఏళ్ల యువతుల్లో దాదాపు నాలుగో వంతు మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లయింది. పెళ్లికి, ఆపరేషన్‌కు నడుమ ఉన్న కాలంలోనే వీరికి రక్షణ కొరవడుతోంది.

తాత్కాలిక సాధనాలు

నిరోధ్: 1968 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. గర్భంతోపాటు హెచ్ఐవీ, సుఖవ్యాధుల నుంచి కూడా కాపాడేది కండోమే.
మాలా-ఎన్: రోజూ వేసుకోవాలి. పాలిచ్చే తల్లులు తొలి ఆరు నెలలు వాడరాదు.
ఛాయ: హార్మోన్లు లేని మాత్ర. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి.
అంతర: మూడు నెలలకోసారి ఇంజెక్షన్. మానేశాక గర్భధారణకు కొన్ని నెలలు పట్టవచ్చు.
కాపర్-టి: రకాన్నిబట్టి 5 లేదా 10 ఏళ్లు పనిచేస్తుంది. కోరినప్పుడు తీయించుకోవచ్చు.

72 గంటల మాత్ర

అత్యవసర మాత్ర 2005 నుంచి చీటీ లేకుండానే మందుల దుకాణాల్లో లభిస్తోంది. కలయిక జరిగిన 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత ఫలితం. అప్పటికే నిలిచిన గర్భాన్ని ఇది తొలగించదు. ఆ తర్వాతి కలయికలకు రక్షణ ఇవ్వదు. నెలనెలా వాడుకునే సాధనంగా దీనిని భావించరాదు.

చట్టం ఏమంటోంది?

సాధనం విఫలమై గర్భం దాలిస్తే 20 వారాల వరకు వైద్యుని ద్వారా తొలగించుకునే వీలును 2021 చట్ట సవరణ అవివాహితలకూ కల్పించింది. 18 ఏళ్లు నిండిన మహిళ సమ్మతి చాలు. భర్త అనుమతి అక్కర్లేదు. నాటుమందులను, తెలిసీతెలియని చికిత్సలను ఆశ్రయిస్తే ప్రాణాలకే ముప్పు.

ఎవరిని అడగాలి?

పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఆశా కార్యకర్తల వద్ద సలహాలు పొందవచ్చు. బీమా ఉన్న కార్మికులు, వారి కుటుంబ సభ్యులు నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి వైద్యులను సంప్రదించవచ్చు. బాధ్యత స్త్రీలదే కాదు. పురుషులకు చేసే వేసెక్టమీ ట్యూబెక్టమీ కన్నా సులువైనది. దానివల్ల మగతనం తగ్గుతుందన్నది అపోహ మాత్రమే.