మేడ మెట్లెక్కని రోలు



పొద్దున్న ఆరు గంటలయ్యేసరికి దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా, ఎల్.బి. నగర్‌లోనైనా ఏ వీధిలో నిలబడ్డా ఒకటే రొద వినిపిస్తుంది. పై వాటాలో ఒక మిక్సీ, పక్కింట్లో ఒక మిక్సీ, ఎదురు అపార్టుమెంటులో నాలుగు మిక్సీలు! ఒకరింట్లో ఇడ్లీలోకి కొబ్బరి పచ్చడి, ఒకరింట్లో పెసరట్టులోకి అల్లం పచ్చడి, ఇంకొకరింట్లో బాక్సు కూరలోకి మసాలా ముద్ద. ఈ రొద మనకి ఎంతగా అలవాటైపోయిందంటే, కరెంటు పోయి అది ఆగిపోయిన రోజునే మనకు దాని సంగతి గుర్తుకొస్తుంది. ఈ చిన్న యంత్రం మన వంటింట్లోకి ఎలా వచ్చింది, ఎవరు అడిగితే వచ్చింది, వచ్చి మన పని నిజంగా ఎంత తగ్గించింది అన్న ముచ్చట ఈవేళ చెప్పుకుందాం.

మిక్సీ రాకముందు మన ఇళ్ళలో నాలుగు రకాల రాళ్ళుండేవి. దంచడానికి రోలూ రోకలీ, విసరడానికి తిరగలి, రుబ్బడానికి రుబ్బురోలూ పొత్రమూ, నూరడానికి సన్నికల్లు. నాలుగు పనులకీ మన భాషలో నాలుగు వేరు వేరు మాటలుండటం గమనించారా? దంచడం వేరు, విసరడం వేరు, రుబ్బడం వేరు, నూరడం వేరు. ఇవాళ అన్నిటికీ కలిపి "మిక్సీలో వెయ్యడం" అని ఒక్క మాట సరిపోతోంది. మన పేటల్లో నల్లగొండ వైపు నుంచి వచ్చిన అత్తమ్మ ఇసుర్రాయి అంటుంది, గుంటూరు నుంచి వచ్చిన వదినగారు తిరగలి అంటారు. పేరు ఏదైతేనేం, రాయి ఒకటే, భుజం నొప్పీ ఒకటే.

ఆ రాళ్ళకి మనవాళ్ళు ఎంతో గౌరవం ఇచ్చారు. పెళ్ళిపనులు మొదలుపెట్టేది రోట్లో పసుపు దంచి. పెళ్ళిలో వధువు చేత సన్నికల్లు తొక్కిస్తారు. రాయిలా స్థిరంగా ఉండమని దాని అర్థం. అర్థం మంచిదే, కాదనను. కానీ పెళ్ళయిన మర్నాటి నుంచీ ఆ రాయి ముందు కూర్చున్నది ఎవరో కూడా చెప్పుకోవాలి కదా! పప్పు నానబోసింది మొదలు, పిండి రుబ్బి, పొత్రం కడిగి, గిన్నె మూతపెట్టేదాకా అది ఆడవాళ్ళ పనే. ఏడాదికోసారి కక్కు కొట్టేవాడు వీధిలోకి వస్తే, అరిగిపోయిన రోటికి గాట్లు పెట్టించుకునేవాళ్ళం. అరిగిపోయిన నడుముకి గాట్లు పెట్టేవాడు మాత్రం ఎవడూ రాలేదు.

ఈ నాలుగు పనులూ ఒక్కసారిగా ఇల్లు దాటిపోలేదు. మొదట వడ్లు దంచడం ఇల్లు దాటింది, ఊళ్ళలోకి బియ్యం మిల్లులొచ్చాయి. తర్వాత విసరడం దాటింది, పేటపేటకీ పిండిగిర్ని వచ్చింది. గోధుమలు, శనగపప్పు, ఎండుమిరప, పసుపు కొమ్ములు అన్నీ డబ్బాల్లో పోసుకుని గిర్ని ముందు వరుసలో నిలబడ్డాం. ఇల్లు దాటకుండా మిగిలిపోయినవి రెండు పనులే. తడిపిండి రుబ్బడం, పచ్చడి నూరడం. ఎందుకని? ఎండు సరుకు నెలకోసారి ఆడించి దాచుకోవచ్చు. తడి సరుకు మన ఎండలకి నిలవ ఉండదు. కొబ్బరి పచ్చడి పొద్దున్న చేస్తే సాయంత్రానికి మారిపోతుంది. అంచేత ఏ రోజుకి ఆ రోజు, ఏ పూటకి ఆ పూట చేసుకోవలసిందే. మగవాళ్ళు నడిపే మిల్లుల్లోకి ఎక్కని ఆ రెండు పనులూ మన చేతుల్లోనే ఉండిపోయాయి.

సరిగ్గా ఈ దశలోనే మన తూర్పు హైదరాబాదు పెరగడం మొదలుపెట్టింది. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే ఆయన తన వ్యవసాయ భూముల్ని ఇళ్ళ స్థలాలుగా మార్చగా ఆయన పేరు మీదనే దిల్‌సుఖ్‌నగర్ ఏర్పడింది. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు మీద ఎల్.బి. నగర్ వెలిసింది. విజయవాడ రోడ్డూ, నాగార్జునసాగర్ రోడ్డూ కలిసే చోటు కావడంతో నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఉద్యోగాలకీ, పిల్లల చదువులకీ వచ్చిన కుటుంబాలు ఇక్కడే దిగాయి. ఊరవతల అనుకున్న ఎల్.బి. నగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు 2007లో మహానగరంలో కలిసిపోయాయి.

అలా వచ్చిన కుటుంబం ట్రంకు పెట్టె తెచ్చుకుంది, పరుపు చుట్టలు తెచ్చుకుంది, ఆవకాయ జాడీ కూడా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. రుబ్బురోలు మాత్రం తెచ్చుకోలేకపోయింది. పల్లెలో అది పెరట్లో పాతి ఉంటుంది. దాన్ని పెకలించి లారీ ఎక్కించినా, ఇక్కడ రెండు గదుల అద్దె వాటాలో, అదీ మేడ మీద, ఎక్కడ పెడతారు? రోట్లో రోకలి వేస్తే కింద వాటాలో పైకప్పు అదురుతుంది. ఇంటివాళ్ళు ఊరుకుంటారా? అద్దె ఇంటి ఇల్లాలికి కావలసింది ఒక్కతే ఎత్తగలిగేది, గట్టు మీద జానెడు చోటులో ఇమిడేది, ఇల్లు మారితే సంచిలో పెట్టుకుపోగలిగేది. రాయి మేడ మెట్లు ఎక్కలేకపోయింది కనకనే మిక్సీ ఎక్కింది.

అయితే ఆ యంత్రం మొదట మన కోసం పుట్టింది కాదు. 1922లో అమెరికాలో స్టీఫెన్ పోప్లాస్కీ అనే ఆయన గిన్నె అడుగున తిరిగే రెక్కలు పెట్టి పానీయాలు కలిపే యంత్రం చేశాడు. 1937లో ఫ్రెడ్ వేరింగ్ అనే సంగీత బృంద నాయకుడు అలాంటిదాన్నే జనంలోకి తెచ్చాడు. అవి పాలూ, పండ్లరసమూ చిలకడానికి పుట్టిన యంత్రాలు. అరటిపండు మెత్తబరచగలవు గాని ఎండుకొబ్బరి, నానిన మినప్పప్పు, ధనియాలు వాటికెలా లొంగుతాయి చెప్పండి! మన వంటకి తగిన యంత్రం మన గడ్డ మీదే తయారు కావలసి వచ్చింది.

ముందు అడుగు వేసింది కోయంబత్తూరు. 1955లో పి. సభాపతి అనే ఆయన రుబ్బురోలుకే మోటారు తగిలించి వెట్ గ్రైండర్ చేశారు. అందులో రాయి రాయిగానే ఉంది, తిప్పే చెయ్యి మాత్రం మారింది. ఇడ్లీపిండికి ఈనాటికీ దాన్ని మించింది లేదంటారు. కానీ అదీ బరువే, చోటూ ఎక్కువే. గుప్పెడు పచ్చడికి దాన్ని కడిగి తుడవడం ఎవరి తరం?

ఆ తర్వాతి కథ బొంబాయిలో జరిగింది. సత్యప్రకాశ్ మాథుర్ అని సీమెన్స్ కంపెనీలో ఇంజనీరు. ఆయన భార్య మాధురిగారి వంటింట్లో జర్మనీ దేశపు బ్రాన్ మిక్సీ ఒకటి ఉండేది. మన మసాలాల దెబ్బకి దాని మోటారు పాడైపోయింది. ఇక్కడ దానికి మరమ్మత్తు జరిగే దారి కనబడలేదు. "నువ్వు ఇంజనీరువి కదా, మన వంటకి తట్టుకునేది ఒకటి చెయ్యలేవా" అన్న ఆ ఇల్లాలి పట్టుదలే ఆయన్ని కదిలించింది. 1963లో ఆయన ఉద్యోగం వదిలి, మిత్రులతో కలిసి సొంత కంపెనీ పెట్టారు. గట్టి మోటారూ, స్టీలు జారులతో వచ్చిన ఆ మిక్సీ పేరు సుమీత్. మంచి నేస్తం అని అర్థం. 1970లలో దేశమంతటా మిక్సీ అంటే సుమీత్ అనేంత పేరు దానికి వచ్చింది. 1978లో మద్రాసులో ప్రీతి వచ్చింది. తర్వాత ఎన్నో వచ్చాయి. కంపెనీల పేర్లు చరిత్రలో నిలిచాయి. కానీ ఆ చరిత్రకి మొదలు ఒక గృహిణి చేసిన ఫిర్యాదు అన్న సంగతి మనం మరిచిపోకూడదు.

మన ఊరి విషయానికొస్తే నాంపల్లి నుమాయిష్ సంగతి చెప్పుకోక తప్పదు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పటి మైదానానికి మారిన ఆ ప్రదర్శన మామూలుగా ఏటా జనవరి ఒకటిన తెరుచుకుంటుంది. స్టాలు ముందు నిలబడిన కుర్రాడు పసుపు కొమ్ములు జారులో వేసి చిటికెలో పొడిచేసి చూపిస్తుంటే నోరు వెళ్ళబెట్టి చూసినవాళ్ళు మనలో ఎంతమంది లేరు! తర్వాతి కాలంలో దిల్‌సుఖ్‌నగర్ ప్రధాన రహదారి పొడుగునా దుకాణాలు వెలిశాక, కోఠీ దాకా పోవలసిన అవసరమే లేకపోయింది.

ఇంతలో పడమటి దేశాల్లో ఇంకో యంత్రం బయలుదేరింది. ఫ్రాన్సులో పియెర్ వెర్దున్ అనే ఆయన హోటళ్ళకి సరుకు అమ్ముతూ, వంటవాళ్ళ కాలమంతా తరగడంలోనూ తురమడంలోనూ పోతోందని గమనించాడు. హోటళ్ళ కోసం చేసిన యంత్రాన్నే చిన్నది చేసి 1971లో మాజిమిక్స్ పేరుతో ఇళ్ళకి తెచ్చాడు. 1973లో కార్ల్ సొంథైమర్ అనే ఆయన దాన్ని అమెరికాలో క్విజినార్ట్ పేరుతో పరిచయం చేశాడు. అదే ఫుడ్ ప్రాసెసర్. మిక్సీ జారు ఇరుకుగా, పొడుగ్గా ఉండి వేగంగా తిరుగుతుంది. దీని గిన్నె వెడల్పు, వేగం తక్కువ. అందుకే అది మెదుపుతుంది, ఇది తరుగుతుంది. ఉల్లిపాయ తరగడానికి, క్యాబేజీ తురమడానికి, చపాతీ పిండి కలపడానికి ఇది సుఖం. పెద్దది కొని అటక మీద పెట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. నలుగురున్న ఇంట్లో నాలుగు ఉల్లిపాయల కోసం దాన్ని దించి, కడిగి, ఆరబెట్టి మళ్ళీ ఎక్కించేసరికి కత్తిపీటే నయమనిపిస్తుంది. రోజూ వాడేది గట్టు మీద ఉండే చిన్నదే.

అయినా రోటి రుచి మిక్సీకి రాలేదంటారు. అందులో నిజం ఉంది. రాయి నలుపుతుంది, రెక్క కోస్తుంది. నలిగినప్పుడు నూనె ఊరుతుంది, పచ్చడి కలిసిపోతుంది. కోసినప్పుడు ముక్క ముక్కగానే సన్నమవుతుంది. పైగా నిమిషానికి వేల చుట్లు తిరిగే రెక్క వేడి పుట్టిస్తుంది. అంచేత పోపు వేయించి చల్లారాకే జారులో వెయ్యాలి, ఆపి ఆపి తిప్పాలి, జారు గొంతుదాకా నింపకూడదు. బరువెక్కి మోటారు ఆగిపోతే, చాలా మిక్సీలకి అడుగున ఒక చిన్న మీట ఉంటుంది. చల్లారనిచ్చి దాన్ని నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. నన్నడిగితే ఆ మీటే ఈ యంత్రం మనకి నేర్పే పాఠం. బరువు ఎక్కువైతే తను ఆగుతుంది. మనమే ఆగం!

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. గంటసేపు రుబ్బే పని ఐదు నిమిషాలకి దిగింది. మరి మిగిలిన కాలం ఎక్కడికి పోయింది?

అమెరికాలో రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో ఇదే ప్రశ్న మీద ఒక పుస్తకం రాశారు. యంత్రాలొచ్చాక పనిలో కష్టం తగ్గింది గాని గృహిణి పనిగంటలు తగ్గలేదని ఆమె తేల్చారు. పూర్వం ఇంట్లో నలుగురు పంచుకున్న పని ఒక్కరి మీద పడిందన్నారు. మన సంగతి చూసుకోండి. తిరగలి ముందు ఇద్దరు కూర్చునేవాళ్ళు, కబుర్లు చెప్పుకునేవాళ్ళు, పాటలు పాడుకునేవాళ్ళు. మిక్సీ ముందు ఒక్కతే నిలబడుతుంది, ఆ మోతలో మాట కూడా వినబడదు. పూర్వం వారానికోసారి దోసె అంటే పండగ. ఇప్పుడు పొద్దుటికొక టిఫిను, దానికి రెండు పచ్చళ్ళు. "మిక్సీ ఉంది కదా, ఎంతసేపు" అన్న ఒక్క మాటతో పని పెరిగిపోయింది.

లెక్కలు కూడా ఈ మాటే చెబుతున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2019లో జనం రోజును ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. 2024లో మళ్ళీ చూస్తే ఆడవాళ్ళవి 289 నిమిషాలు, మగవాళ్ళవి 88. మన పని పది నిమిషాలు తగ్గింది, వాళ్ళదీ తొమ్మిది నిమిషాలు తగ్గింది! దగ్గర దగ్గర ఐదు గంటల పని మాత్రం మన దగ్గరే ఉంది.

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందని సామెత. నాకు ఒకవైపే దెబ్బలు, నీకు రెండువైపులా కదమ్మా అని రోలు ఊరట పొందిందట. 2018లో ఎల్.బి. నగర్‌కి మెట్రో రైలు వచ్చాక, పొద్దున్నే అమీర్‌పేట వైపు ఉద్యోగాలకి వెళ్ళే అమ్మాయిలు ఎందరో కనిపిస్తున్నారు. ఇంట్లో మిక్సీ ఆపి, బాక్సు సర్ది, పరుగున మెట్లెక్కుతారు. వాళ్ళని చూస్తే రుబ్బురోలు దగ్గర కూర్చున్న అమ్మమ్మ రోలులాగానూ, ఈ మనుమరాలు మద్దెలలాగానూ నాకనిపిస్తుంది.

యంత్రం తప్పని నేననడం లేదు. మళ్ళీ రోలు దగ్గరికి పొమ్మని అసలే అనను. ఒక్క మాట మాత్రం ఆలోచించండి. పొత్రం తిప్పడానికి ఒడుపు కావాలి, అది ఆడవాళ్ళకే తెలుసు అని మగవాళ్ళు ఇన్నాళ్ళూ తప్పించుకున్నారు. ఆ ఒడుపు అవసరం లేకుండా చేయడమే కదా మిక్సీ చేసిన మేలు! స్విచ్చి నొక్కడానికి ఏ ఒడుపు కావాలి? పదేళ్ళు దాటిన కొడుకుని రేపు పొద్దున్న పక్కన నిలబెట్టుకోండి. జారు ఎలా బిగించాలో, మూత మీద చెయ్యి ఎలా ఆనించాలో, రెక్కలు కడిగేటప్పుడు ఎలా జాగ్రత్తపడాలో చూపించండి. పచ్చడి కాస్త బరకగా ఉన్నా బాగుందనే అనండి. మాధురిగారు అడిగితే యంత్రం వచ్చింది. మనం అడిగితే దాన్ని తిప్పే రెండో చెయ్యి కూడా వస్తుంది.